తెలియని నంబరు మోగితే



   

మీ ఉత్తరాలన్నీ చదివాను. ఈమధ్య మీరు రాసేవాటిలో పెద్ద కష్టాలకన్నా చిన్న చికాకులే ఎక్కువ కనిపిస్తున్నాయి. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగితే, అది ఆఫీసులో ఉన్న వాళ్లాయన ఫోనుకు వెళ్లిందని ఒకరు రాశారు. కరెంటు బిల్లు కడితే ఖాతాలో డబ్బు పోయింది, బిల్లు మాత్రం కట్టనట్టే చూపిస్తోందని ఇంకొకరు. చివర్లో అందరిదీ ఒకటే మాట, "ఇంత చిన్న సంగతి రాసినందుకు ఏమీ అనుకోకండి" అని. ఎందుకనుకుంటాను? పెద్ద కష్టం వస్తే నలుగురూ వచ్చి పక్కన కూర్చుంటారు. చిన్నవాటికి ఎవరూ రారు, పొద్దుటినుంచి రాత్రిదాకా మనం ఒక్కళ్లమే పడాలి. అందుకే వాటిలో ఒకదాని గురించి ఈసారి మీతో తీరిగ్గా మాట్లాడాలనిపించింది. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోను.

మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటుందనుకుంటాను. సరిగ్గా పోపు వేగే సమయానికి ఫోను మోగుతుంది. స్టవ్ కట్టేసి, చెయ్యి తుడుచుకుని తీస్తే, "మేడమ్, శంకర్‌పల్లి దగ్గర ఓపెన్ ప్లాట్లు, ప్రీ లాంచ్ ఆఫర్ నడుస్తోంది" అంటుంది అవతలి గొంతు. మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు పర్సనల్ లోను. సాయంత్రం క్రెడిట్ కార్డు. ఎన్నికల రోజుల్లో అయితే అవతల మనిషి కూడా ఉండరు, రికార్డు చేసిన నాయకుడి గొంతు మన జవాబుతో పని లేకుండా చెప్పుకుంటూ పోతుంది. ఒక్కొక్క ఫోనూ అర నిమిషమే. పోయిన ఆ అర నిమిషం గురించి కాదు నా బాధ. ఫోను మోగగానే మన మనసు ఇప్పుడు ఏమనుకుంటోందో, దాని గురించి.

మీలో యాభై దాటినవాళ్లకు పి.పి. నంబరు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఫోను లేనివాళ్లు ఎదురింటివాళ్ల నంబరు ఇచ్చి, పక్కన పి.పి. అని రాసేవాళ్లు. శుభలేఖల మీద కూడా ఉండేది. ఫోను వస్తే ఆ ఇంటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి, "మీకు బొంబాయి నుంచి ఫోను, లైన్లో ఉన్నారు" అని కేకేసేవాడు. చేతిలో పని అక్కడే వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లేవాళ్లం. మంచి కబురో చెడు కబురో తెలియదు గానీ, అది మన కోసమే వచ్చిందని మాత్రం తెలుసు. 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో మొబైల్ ఫోన్ల కాలం మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు, మనకు వచ్చిన ఫోనుకు కూడా మనమే డబ్బు కట్టాం. 2003 మేలో గానీ ఆ భారం తీరలేదు. అవతల ఎవరో తెలియకపోయినా డబ్బు పోసి మరీ తీసేవాళ్లమంటే ఆ మోత మీద ఎంత నమ్మకం ఉండేదో చూడండి.

ఇప్పుడు తీయడానికి పైసా ఖర్చు లేదు. తీయాలంటేనే మనసు రావడం లేదు.

"అంత ఆలోచన ఎందుకండీ, తెలియని నంబరైతే తీయకండి, బ్లాక్ చేసేయండి" అని మీరు అంటారని తెలుసు. మా పిల్లలూ అదే అంటారు. వాళ్లకు అది సులువే. కానీ తీయకుండా ఉండలేని మనుషులు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా చూశారా? మా కింది అంతస్తులో ఒక అబ్బాయి ఉన్నాడు. అతనిది ఓ నెగెటివ్ రక్తం. దాతల జాబితాలో పేరు ఇచ్చాడు. అతనికి రక్తం కోసం వచ్చే ప్రతి ఫోనూ తెలియని నంబరు నుంచే వస్తుంది. ఆస్పత్రి వరండాలో నిలబడి చేసేది ఎవరి తండ్రో, ఎవరి అన్నో, వాళ్ల నంబరు ఇతని దగ్గర ఎందుకుంటుంది? అందుకని మీటింగులో ఉన్నా, బండి మీద వెళ్తున్నా ఆగి తీస్తాడు. తీస్తే దాదాపు ప్రతిసారీ లోను ఫోనే. "ఒక్కటి నిజమైనది తప్పిపోతుందేమోనని తీస్తున్నానండీ" అంటాడు. ఆ అబ్బాయి మంచితనాన్ని రోజూ ఇలా అరగదీస్తున్నవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

మా పెద్దమ్మ సంగతి ఇంకోలా ఉంటుంది. ఆవిడ కాకినాడలో ఒక్కతే ఉంటుంది. కొడుకు డాలస్‌లో, కూతురు మెల్‌బోర్న్‌లో. వాట్సాప్ సరిగా పలకని రోజున వాళ్లు మామూలు ఫోను చేస్తారు, అప్పుడు తెరమీద పడే నంబరు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అందుకని పెద్దమ్మ ఏ ఫోనూ వదలదు. దేవుడి గదిలో ఉన్నా లేచొస్తుంది. "ఏం చేయనే, మనవరాలేమో అనుకుంటాను" అంటుంది. అవతల ఇన్సూరెన్స్ అమ్మాయి ఉంటే ఆ అమ్మాయితోనే కాసేపు మాట్లాడుతుంది, భోజనం చేశావా అని అడుగుతుంది. ఇలా తలుపు తీసిపెట్టుకుని కూర్చునే పెద్దవాళ్లే మోసగాళ్లకు కావలసింది. పోలీసులమంటారు, సీబీఐ అంటారు, మీ పేరున వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందంటారు, కెమెరా ముందునుంచి కదలొద్దంటారు. వాళ్లు చెప్పే ఈ డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ అధికారీ వీడియో కాల్‌లో ఎవర్నీ అరెస్టు చేయడు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఇదే చెప్పారు. అయినా మీ అమ్మగారికి, అత్తగారికి మీ నోటితో మీరు చెబితేనే గుర్తుంటుంది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయమని కూడా చెప్పండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే వీలు అంత ఉంటుంది.

మీలో ఒకరు పోయినసారి, ఇలాంటి ఫోన్లు చేసేవాళ్లను గట్టిగా తిట్టి పెట్టేస్తే మళ్లీ చేయరని రాశారు. మీ విసుగు నాకు అర్థమవుతుంది, మీ పరిష్కారం మాత్రం నాకు నచ్చలేదు. మా వీధిలో అద్దెకుండే ఒకమ్మాయి డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఆ ఉద్యోగమే చేసింది. నంబరు ఆ పిల్ల చూసి కొట్టదు, కంప్యూటరే కలుపుతుంది. చెవిలో హెడ్‌సెట్, ఎదురుగా చెప్పాల్సిన మాటల కాగితం, రోజుకు ఇన్నని లెక్క. ఒక ఫోనులో పడిన తిట్టు మింగేలోపే ఇంకో ఫోను కలుస్తుంది, గొంతులో నవ్వు తెచ్చుకుని నమస్కారం అనాలి. "వద్దమ్మా అని మెల్లగా చెప్పి పెట్టేసినవాళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నారు" అంది. నా తగాదా ఆ పిల్లలతో కాదు. మన నంబరు వాళ్ల తెరమీదికి తెచ్చినవాళ్లతో.

ఎలా వచ్చిందంటారా? మనం ఇవ్వకుండా రాలేదు, కానీ మనం ఇచ్చింది దానికి కాదు. బట్టల దుకాణంలో చీర కొంటే బిల్లు దగ్గర "మేడమ్, ఫోన్ నంబర్?" అంటారు. వెనకాల వరసలో జనం ఉంటారు, ఎందుకని అడిగితే ఆ కుర్రాడు ఇబ్బంది పడతాడు, చెప్పేస్తాం. ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా కూపన్ మీద రాస్తాం. సంతకం పెట్టి లోపలికి వెళ్లే ప్రతి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరా పుస్తకంలో రాస్తాం. బిల్లు ఇవ్వాలంటే నంబరు ఇచ్చి తీరాలని దుకాణాలవాళ్లు పట్టుబట్టడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. ఇది మీరు తప్పక గుర్తుంచుకోండి. "నంబరు ఇవ్వనమ్మా, బిల్లు ఇవ్వు" అని మామూలు గొంతుతో అంటే చాలు, ఇస్తారు. నేను అలాగే అంటున్నాను.

ఆపించుకునే దారి కూడా ఉంది. 2007లో మొదలైన జాబితా అది, డీఎన్‌డీ అంటారు. ఇంగ్లిషులో స్టార్ట్ అని కొట్టి, కాస్త ఎడం ఇచ్చి సున్నా పెట్టి 1909కి మెసేజ్ పంపితే ప్రకటనల ఫోన్లు, మెసేజ్‌లు ఆపాలని అడిగినట్టు. "చేశాం, అయినా వస్తున్నాయి" అంటారా? వస్తాయి. చట్టప్రకారం అమ్మకాల ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. ఆ దారి మూసేస్తే, కొందరు మామూలు పది అంకెల నంబర్లు తీసుకుని మనలాగే ఫోను చేస్తారు. వాటిమీద ఫిర్యాదు చేయాలి. ఇదివరకు మూడు రోజుల్లోపు చేయాల్సి ఉండేది, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో దాన్ని ఏడు రోజులు చేసింది. పది రోజుల్లో అయిదుగురు ఒకే నంబరు మీద ఫిర్యాదు చేసినా చర్య తీసుకోవచ్చని కూడా మార్చింది. అయిదుగురంటే మీరూ, నేనూ, ఇంకో ముగ్గురు. ఒక్కళ్ల ఫిర్యాదుతో ఏమవుతుందని ఊరుకోకండి. బ్యాంకు నుంచి నిజంగా మన ఖాతా గురించి వచ్చే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. ఈ రెండు సంఖ్యలూ ఒక కాగితం మీద పెద్దగా రాసి ఇంట్లో పెద్దవాళ్ల కళ్లెదుట అంటించండి. 140 అయితే అమ్మకం, 1600 అయితే బ్యాంకు. బ్యాంకే అయినా ఓటీపీ చెప్పకూడదని కింద ఇంకో మాట రాయండి.

అడగని ఫోన్లు ఇన్ని వస్తాయి కదా, మనకు అవసరమై మనం చేస్తే ఒక మనిషి పలకడం ఎంత కష్టమో ఎప్పుడైనా గమనించారా? నా స్నేహితురాలి భర్త పోయిన వేసవిలో చనిపోయారు. నెల గడిచాక ఆయన పేరు మీద ఉన్న ఒక కనెక్షన్ ఆపించాలని ఫోను చేసింది. తెలుగు కోసం ఈ అంకె, బిల్లు కోసం ఆ అంకె, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి, పాట. చాలాసేపటికి అవతలినుంచి, ఖాతాదారుడి నంబరుకు ఓటీపీ పంపామని, అది చెబితేనే ముందుకు వెళ్తామని వినిపించింది. ఆయన ఫోను బీరువాలో ఉంది. ఛార్జింగ్ పెట్టి, తెరిచి, ఆ అంకెలు చదివి చెప్పింది. ఆ తెరమీద పిల్లలతో ఆయన దిగిన ఫొటో ఉంది. ఫోను పెట్టేశాక నాకు చేసి చాలాసేపు ఏడ్చింది. ఆమెకు ఎవరూ చెడు చేయలేదు, నిబంధన ప్రకారమే జరిగింది. కానీ "అయ్యో, అలాగా అమ్మా" అనే ఒక్క మనిషి ఆ లైన్లో ఎక్కడా లేకపోయారు. పెద్దమ్మ ఫోను మోగించడానికి అంతమంది దొరుకుతున్నప్పుడు, నా స్నేహితురాలి మాట వినడానికి ఒకరు దొరకకపోవడం నాకు ఇంకా జీర్ణం కావడం లేదు.

చాలా రాసేశాను. మీ పని చెడగొట్టానేమో. వెళ్లే ముందు మిమ్మల్ని రెండు కోరుకుంటాను. ఎవరికైనా కొత్త నంబరు నుంచి ఫోను చేయాల్సి వస్తే, ముందు మీ పేరు రాసి ఒక చిన్న మెసేజ్ పెట్టండి. అవతలివాళ్లు భయం లేకుండా తీస్తారు. రెండోది, మీ ఇంట్లో దీన్ని ఎలా సర్దుకుంటున్నారో నాకు రాయండి. ముఖ్యంగా పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నవాళ్లు రాయాలి. పిల్లల ఫోను ఏదో, కానిది ఏదో గుర్తుపట్టడానికి మీరు ఏం ఏర్పాటు చేసుకున్నారు? వేళ పెట్టుకున్నారా, రెండుసార్లు మోగించి ఆపడంలాంటి గుర్తులున్నాయా? మీరు రాసినవన్నీ మా పెద్దమ్మకు చదివి వినిపిస్తాను. ఆవిడకు ఏది కుదురుతుందో ఆవిడే ఎంచుకుంటుంది.

ఉంటాను,
మీ నేస్తం