సైకిలు తోలుసీటు

మనుష్యుడు కూర్చుండుటకు కల్పించుకొన్న ఆసనములలో సైకిలు సీటంత చిన్నదియు, సైకిలు సీటంతగా తిట్లు తిన్నదియు మఱియొకటి లేదు. కుర్చీ కుదరనివాడు లేచి నిలుచుండును. మంచము కుదరనివాడు చాప పఱచుకొనును. సైకిలెక్కినవానికి ఈ స్వాతంత్ర్యములు లేవు. గన్నవరమునుండి విజయవాడకు ఇంచుమించు ఇరువది కిలోమీటర్లు. అంతదూరమును జానెడైనను వెడల్పు లేని పీటమీద దేహభారమును మోపి, కాళ్లాడించుచు, లారీలకు దారి యిచ్చుచు పోవలెను. పాలు పోయువారు, తాపీపనివారు, పేపరు వేయు కుఱ్ఱవాండ్రు, బడిపిల్లలు తమ దినములో కొంతభాగము ఈ పీటమీదనే గడపుచున్నారు. అయినను దీనిని గూర్చి వ్రాయవలెనని ఎవరికిని తోచినట్లు లేదు. సింహాసనములను గూర్చి వ్రాసిన కలములు సీటును గూర్చి వ్రాసినచో మైలపడవని మా యభిప్రాయము.

గుఱ్ఱము వీపున వేయుదానిని మనవారు జీనన్నారు; గాడిదమీదిది గంత; ఏనుగుమీదిది అంబారి. సైకిలు వచ్చినపుడు ఈ మాటలలో ఒక్కటియు దానికి అంటలేదు. ఇంగ్లీషువారు గుఱ్ఱపుజీను పేరే దీనికిని పెట్టుకొనిరి. మనము తిన్నగా 'సీటు' అంటిమి. వారు ఆ పేరు పెట్టుకొనుటకు తగిన కారణము కలదు. సైకిలు సీట్లకు లోకప్రసిద్ధుడైన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్సు మొదట గుఱ్ఱపుసామాను చేయువాడు. 1866లో బర్మింగుహాము నగరమున తోలుపని దుకాణము పెట్టెను. 1878లో తన గుఱ్ఱము చనిపోగా, క్రొత్త గుఱ్ఱము కొను స్తోమత లేక, ఒక సైకిలు ఎరువు తెచ్చుకొని, దాని సీటు పెట్టిన బాధకు ఓర్వలేక మంచి సీటు చేయుటకు పూనుకొనెనని ఆ కంపెనీవారు చెప్పుకొను కథ. 1882లో పేటెంటు పుచ్చుకొనెను. ఆ కాలమునకు గాలి టైర్లు లేవు. డన్లపు వానిని 1888లో గాని కనిపెట్టలేదు. గట్టి చక్రములనుండి వచ్చు ప్రతి అదురును, ప్రతి రాతిదెబ్బయు సీటుమీది మనుష్యుని వెన్నెముకకే చేరుచుండెను. ప్రాణము విసిగినవాడు చేసిన వస్తువు గనుకనే అది నిలిచినదని మాకు తోచును.

తోలుసీటు పనిచేయు తీరు మన నులకమంచము వంటిది. మంచమునకు పట్టెలు, కోళ్లు, సీటునకు ఇనుపచట్రము. మంచమున నులక పట్టెల నడుమ వ్రేలాడును. సీటున తోలు ముందుకొనకును వెనుక కమ్మికిని నడుమ ఊయలవలె వ్రేలాడును. దానిక్రింద దూది లేదు, స్పాంజి లేదు, గాలియే కలదు. అయిదారు మిల్లీమీటర్ల మందముగల పశువుతోలును నీట నానవేసి, అచ్చుమీద బిగించి, ఆ రూపముననే ఆఱనిచ్చి, రాగి మేకులతో చట్రమునకు కొట్టుదురు. ముందు ముక్కుక్రింద ఒక బోల్టు ఉండును. మంచము జాఱినపుడు కాళ్లవైపు తాళ్లు బిగించుకొనునట్లే, సీటు జాఱినపుడు ఆ బోల్టును రవంత త్రిప్పవలెను. రవంత యనగా పావు చుట్టు. అంతకుమించి త్రిప్పువాడు తోలును చింపుకొనును.

క్రొత్త తోలుసీటు రాతివలె ఉండును. ఈ మాట దాచిపెట్టి దానిని పొగడువారు కలరు. అది న్యాయము కాదు. మొదటి కొన్నివందల మైళ్లు అది ఎక్కినవానిని శిక్షించును. పిదప మనము కూర్చున్నపుడు నేలకు తగులు రెండెముకలున్నవే, వాని తావులలో తోలు కొంచెము కొంచెముగా లోపలికి దిగి రెండు గుంటలేర్పడును. అప్పటినుండి భారము ఆ ఎముకలమీదనే నిలిచి, వాని నడుమనున్న మెత్తని కండకును నరములకును ఒత్తిడి తగ్గును. స్పాంజి సీటున దీనికి విపరీతము జరుగును. అంగడిలో వ్రేలితో నొక్కి చూచినపుడు మెత్తగా ఉండును. అయిదు మైళ్లు పోగానే ఎముకలు అడుగంటి, స్పాంజి ప్రక్కలనుండి పైకి పొంగి, ఒత్తరాని తావున ఒత్తును. మెత్తదనము వేఱు, సుఖము వేఱు. పరుపుమీద నడుమునొప్పియు, చాపమీద నిద్రయు ఎఱిగిన మన దేశస్థులకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

మా యింట ఉన్న తోలుసీటు మా నాయనగారిది. 1948లో బెజవాడలో కొన్న రాలీ సైకిలుతో వచ్చినది. వెనుక రెండు స్ప్రింగులుగల వెడల్పాటి సీటు. ఆయన ఏలూరు కాలువ గట్టువెంట నాలుగు మైళ్లు పోయి బడిలో పాఠములు చెప్పి, నాలుగు మైళ్లు మరలివచ్చెడివారు. ఏటికి రెండువందల దినములు, ఇరువదియాఱు సంవత్సరములు. లెక్క వేసినచో నలువదియొక్కవేల మైళ్లు దాటినవి. భూగోళమును ఒకమాఱు చుట్టి రెండవ చుట్టున సగము దాటిన దూరము. ఈ కాలములో టైర్లు ఎన్నిమాఱులు మార్చిరో లెక్క లేదు. గొలుసులు మార్చిరి, పెడళ్లు మార్చిరి, వెనుక చక్రమే మార్చిరి. సీటు మార్చలేదు. ఆయన పిమ్మట మేమెక్కితిమి. ఎక్కిన మొదటి నెలలలో అది మాకు ఎంతమాత్రము కుదరలేదు. అది మా నాయనగారి సీటు గాని మాది కాదు. ఆయన గుంటలు ఒకచోట, మా యెముకలు మఱియొకచోట. ఏడాది గడిచినమీదట ఉభయులకును సంధి కుదిరినది. పెద్దలనుండి వచ్చు ఆచారములును ఇట్టివే యని మా మిత్రుడొకడు వ్యాఖ్యానించును. సీటుమీద అంత భారము మోపుట మాకిష్టము లేదు.

సైకిలు ఒకప్పుడు గొప్పవారి వాహనము. పిమ్మట మాష్టరులది, గుమాస్తాలది. నేడు మోటారు సైకిలు కొనలేనివారిది. ఈ దిగుదల నడుమ ఒక్క మినహాయింపు మా యూరివారికి తెలియును. 1955లోను, 1962లోను, 1978లోను మా గన్నవరమునుండి శాసనసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు, అంతకుముందు రాజ్యసభ సభ్యులై యుండగా ఢిల్లీలో పార్లమెంటునకు సైకిలుమీదనే పోయెడివారు. వారి రాజకీయములతో ఏకీభవింపనివారు సైతము ఆ సైకిలును మాత్రము ఎన్నడును పరిహసింపలేదు.

ఇక తోలు సంగతి. ఏ తోలైనను సీటునకు పనికిరాదు. క్రోముతో పదునుచేసిన తోలు మెత్తగా ఉండి సాగును. చెప్పుల పైభాగమునకును సంచులకును బాగుండును గాని అచ్చుమీద పోసిన రూపమును నిలుపుకొనదు. చెట్టుబెరడుతో పదునుచేసిన తోలే తడిపినపుడు వంగి, ఆఱినపుడు ఆ వంపుననే గట్టిపడును. ఈ పని మనకు క్రొత్తది కాదు. తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు గీకి, తంగేడుచెక్క ఊరిన నీటిలో వారముల తరబడి ఉంచి, కరక్కాయతో ముగించు పద్ధతి దక్షిణదేశమంతటను ఉన్నదే. కాలువనీరు పాఱని మెట్టపొలములలో ఎడ్లు నూతినుండి తోడిన మోటబొక్కెన ఆ తోలే. దినమంతయు నీట మునిగి, ఎండలో తేలి, బండరాతికి రాచుకొని పనిచేసిన తోలది. ఇరువదవ శతాబ్దారంభమున మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను దొర క్రోముపదునును మనదేశమున ప్రవేశపెట్టినపుడు, ఆయన మొట్టమొదట తలపెట్టిన పనులలో ఈ మోటబొక్కెనలు ఒకటి. మోటలు పోయినవి, కరెంటు పంపులు వచ్చినవి. వానితోపాటు ఆ తోలు చేయు చేతులకు పనియు పోయినది. పని పోయినను ఆ చేతులకు కట్టిన అంటరానితనము మాత్రము వెంటనే పోలేదు.

ఈ విషయమున మన గృహములలోని తర్కము చూడదగినది. మొన్న వేసవిలో మేము నట్టింట కూర్చుండి ఆ సీటునకు నూనె రాయుచుండగా మా అక్కగారు వచ్చి నిలుచుండి, "ఒరేయ్, తోలుముక్కను నట్టింట్లో పెట్టుకుని ఆ ఆముదమేమిటిరా?" అనిరి. "మృదంగానికి ఉన్నది తోలు కాదా, అక్కయ్యా? గుళ్లో డోలు వాయిస్తే దణ్ణం పెట్టి వస్తున్నావుగా?" అంటిమి. "అది వేరు, ఇది వేరు" అని ఆమె లోపలికి పోయిరి. జింకతోలుమీద కూర్చుండి జపము చేసినచో పవిత్రత. ఎద్దుతోలుమీద కూర్చుండి బడికి పోయినచో మైల. తోలులో భేదమున్నదని మేమనము. దానిని తాకినవాడెవడో తెలిసినపుడు మైల పుట్టుచున్నది, తెలియనపుడు పుట్టుటలేదు. ఇంగ్లండునుండి వచ్చిన సీటును మా తాతగారు సయితము ముచ్చటగా తడిమి చూచిరట. చేసినవాడు ఆరువేల మైళ్లకు ఆవల ఉండుటయే దానికి శుద్ధి!

నూనె రాయుటకు కారణము మా మనుమరాలు. తొమ్మిదవ తరగతి చదువుచున్నది. బడి మూడు కిలోమీటర్లు. క్రొత్త సైకిలు కొని యిచ్చితిమి. పదునాలుగు నెలలకే దాని సీటుపై రెక్సిను పగిలి, లోని స్పాంజి బయటపడినది. వానకాలమున ఆ స్పాంజి నీరు పీల్చి, ఎండ వచ్చినను లోపల తడిగానే ఉండును. కూర్చుండగానే బట్టలు తడియును. పిల్ల వారము దినములు ఓర్చి, పిదప సైకిలు మానివేసి, ఆటోకు డబ్బులడుగనారంభించినది. కారణము చెప్పుటకు సిగ్గుపడి, కడుపునొప్పి యనియు తలనొప్పి యనియు చెప్పినది. తడిసిన బట్టలతో తరగతిలో నిలుచుండవలసిన ఆడపిల్ల అవస్థ మగవారికి వేగముగా స్ఫురింపదు. 1890 ప్రాంతమున ఐరోపాలోను, అమెరికాలోను స్త్రీలు సైకిలెక్కరాదనిన వైద్యులు చూపిన కారణములలో సీటు ఒకటి. దానికి బదులుగా కొందఱు నడుమ పల్లముగల సీట్లు, పొట్టివి, వెడల్పాటివి చేసిరి. స్త్రీలు మానలేదు, సీటే మాఱినది. 1991లో మన పొరుగున తమిళనాటి పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చినపుడు, ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లనే ఎక్కిరి. కాబట్టి మా మనుమరాలిని సీటు కారణమున ఆటోకు అప్పగించుటకు మాకు మనసొప్పలేదు. తాతముత్తాతల సీటును ఆమె సైకిలుకు పెట్టుటకు నిశ్చయించితిమి. సీటుకఱ్ఱ కొలత ఒక్కటే గనుక చిక్కు లేదు. కాని ముందుకొనన రెండు మేకులు ఊడినవి.

బస్సులు ఆగుచోట, చెట్టునీడను కూర్చుండు వృద్ధుడొకడు కలడు. చెప్పులు కుట్టును. డెబ్బది దాటినవాడు. సీటు తీసికొనిపోయి చూపగా, దానిని చేతబట్టి, గోటితో మీటి, క్రిందివైపు త్రిప్పి చూచెను. "చెక్కపదును, పంతులుగారూ. క్రోముదైతే ఈపాటికి పేలిక" అనెను. మేము అతని ప్రక్కన గోనెపట్టమీద కూర్చుంటిమి. అతడు దిగ్గున లేచి నిలుచుండెను.

"మీరు ఇక్కడ కూచుంటే నేనెట్టా కూచునేది, బాబూ?"

"కూచోకపోతే మేకు ఎట్లా కొడతావు, పెద్దయ్యా?"

నవ్వి, కూర్చుండెను, కాని గోనెపట్టమీద గాదు, నేలమీద. రాజ్యాంగము 1950లోనే పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. ఈ వృద్ధుడు దానికి తరువాత పుట్టినవాడు. అయినను ఎదుటివాడు కూర్చున్నపుడు లేచి నిలుచుండవలెనని అతని మోకాళ్లకు ఎవరో నేర్పిరి. నేర్పినవారు ఇండ్లలో మనవంటివారే. రాగితీగ కత్తిరించి, తల కొట్టి, మేకులుగా చేసి, గడియలో పని ముగించెను. కుమారుడు కర్మాగారమున పనిలో ఉన్నాడట. "ఈ పని చెప్పుకోవటానికి వాడికి సిగ్గు. నేర్పుతానన్నా నేర్చుకోలేదు. మంచిదే లెండి" అనెను. ఆ 'మంచిదే' అను మాటను మేము ఇంటికి వచ్చువఱకును త్రిప్పి త్రిప్పి చూచుకొంటిమి. కుమారుడు విడిచినది పనినా, పనికి కట్టిన అవమానమునా? అవమానమును విడువవలెనన్న పనిని గూడ విడువవలసి వచ్చినచో, ఈ విద్య ఇతనితో సరి. అతడడిగినది ముప్పది రూపాయలు. పట్నమున క్రొత్త రెక్సిను సీటున కిచ్చుదానిలో పదవవంతైనను కాదు. ఆ సీటు ధర యెంతో చెప్పి, అంతయు అతని చేతిలో పెట్టితిమి. చాలాసేపు పుచ్చుకొననని వాదించి, తుదకు, "అయితే వచ్చే ఏడు బిగింపు ఊరికే చేస్తా" నని పుచ్చుకొనెను. బిచ్చము గాక బేరముగా మార్చుకొన్నాడు. అది మాకు నచ్చినది.

తోలుసీటు ఉంచుకొనదలచువారు ఎఱుగవలసినవి కొన్ని కలవు. దానికి శత్రువులిద్దఱు: వానయు, అతిశ్రద్ధయు. తడిసిన సీటుమీద ఎక్కరాదు. తడిసినపుడు సాగిన తోలు మరల రాదు. తడిసినచో గుడ్డతో అద్ది నీడను ఆఱనీయవలెను. మా కృష్ణామండలపు మే నెల యెండలో పెట్టినచో తోలు బిఱుసెక్కి పగులును. మనవారు కిఱ్ఱుచెప్పులకు ఆముదము పోసినట్లు దీనికిని పోయుట తగదు. చెప్పు మెత్తబడవలెను, సీటు మెత్తబడినచో మంచము నులక జాఱినట్లే యగును. మేము తేనెమైనమును కరగించి, దానిలో కొంచెముగా ఆముదము కలిపి, ఏటికి రెండుమాఱులు, ముఖ్యముగా అడుగువైపున, రాయుచుందుము. పైవైపు నునుపు గనుక అంతగా పీల్చదు.

మనుమరాలు ఇప్పుడు మూడవ నెలగా దానిమీదనే బడికి పోవుచున్నది. మొదటి పదిదినములు "తాతయ్యా, ఇది రాయి" అనెడిది. మేము ముందుకొనను అఱవ్రేలెడు క్రిందికి దించి, సీటును రెండంగుళములు తగ్గించితిమి; ఫిర్యాదు సగము తగ్గినది. మబ్బు పట్టిన దినమున ఆమెయే గుర్తుంచుకొని పాలిథీన్ సంచి తొడుగుచున్నది. బోల్టు త్రిప్పు స్పానరు తనకిమ్మని అడుగుచున్నది. వచ్చే ఏట ఆ వృద్ధుని యొద్దకు ఆమెనే తీసికొనిపోయి, పావు చుట్టెంతయో అతనిచేత చూపించిన పిదప ఇత్తుమని చెప్పియున్నాము.