రెండవమారు ముంచిన పుల్ల

కారు ఇంజనులో నూనె యెంత యున్నదో తెలిసికొనుటకు ఒక సన్నని ఉక్కు పుల్ల కలదు. దానిని డిప్‌స్టిక్ అందురు. మన షెడ్లలో ఆయిలు గేజి అనియు అందురు. బానెట్టు ఎత్తగానే కనబడునట్లు దాని పిడిని తరచుగా పసుపుపచ్చగా చేయుదురు. లక్షల రూపాయల బండిలో ఇంతకంటె చవుకైన కాపలాదారుడు లేడని నాకు తోచుచున్నది. అయినను వారమునకు గాక, నెలకొక్కసారియైనను దానిని బయటికి తీసి చూచువారు కొద్దిమందియే.

వేదాంత కళాశాలలో నేను చదివిన దినములలో మాకు గ్రీకు నేర్పిరి, హెబ్రీ నేర్పిరి, సంఘచరిత్ర నేర్పిరి. ఈ పుల్ల సంగతి ఎవరును నేర్పలేదు. నంద్యాల ప్రాంతమున పల్లెసంఘములకు బండిలో తిరుగుట మొదలుపెట్టిన తరువాత ఒక ముసలి మెకానిక్కు నాకు దానిని నేర్పెను. ఆయన పెద్దగా చదువుకొన్నవాడు కాడు. అయినను ఆయన చెప్పిన పాఠము మంచి ఉపాధ్యాయుని పాఠమువలె క్రమముగా నుండెను.

మొదట బండిని చదునైన నేలమీద నిలుపవలెను. ఏటవాలున నిలిపినయెడల నూనె ఒక ప్రక్కకు చేరి కొలత తప్పును. తరువాత ఇంజను ఆపి 5 మొదలు 10 నిమిషములవరకు కాచుకొనవలెను. ఏలయనగా ఇంజను ఆడుచున్నంతసేపు పంపు నూనెను పైకి తోడి భాగములన్నిటికిని పంచుచుండును. ఆపిన తరువాతనే అది మెల్లగా అడుగుననున్న సంపులోనికి దిగివచ్చును. కొన్ని బండ్లకు ఇంజను చల్లగా నున్నప్పుడు, కొన్నిటికి వేడెక్కిన పిమ్మట చూడవలెనని నియమము గలదు గనుక, బండితో వచ్చిన పుస్తకము చెప్పినట్లు చేయుట మేలు.

అప్పుడు పుల్లను పైకి తీయవలెను. నేను పుల్ల తీసి వెలుతురున పట్టగా ఆ పెద్దాయన ఇట్లనెను: “అయ్యగారూ, మొదటిసారి వచ్చిన గుర్తును నమ్మొద్దండి. అది ఇంజను తిరిగేటప్పుడు ఎగరజిమ్మిన ఆయిలు. గుడ్డతో బాగా తుడిచి, అడుగుదాకా దించి, మల్లా తీయండి. అప్పుడు చెప్పేదే నిజం.”

పుల్ల చివర రెండు గుర్తులుండును. నూనె ఆ రెంటి నడుమ నుండవలెను. చాల కార్లలో క్రింది గుర్తునుండి పై గుర్తునకు ఇంచుమించు 1 లీటరు పట్టును. మట్టము తగ్గియున్నయెడల కొద్దికొద్దిగా పోసి, కాచి, మరల చూడవలెను. ఎక్కువ పోయుటయు క్షేమము కాదు. మట్టము మితిమీరినయెడల తిరుగుచున్న క్రాంకు షాఫ్టు నూనెను చిలికి నురుగు చేయగలదు. నురుగులో గాలి యుండును గనుక బేరింగులకు కావలసిన ఒత్తిడి నిలువదు.

పుల్ల మట్టమును మాత్రమే గాక మరికొన్ని సంగతులనుకూడ చెప్పును. డీజిలు బండిలో క్రొత్త నూనె త్వరలోనే నల్లబడును, అందుకు భయపడనక్కరలేదు. నూనె పాలుపోసిన కాఫీవలె నున్నయెడల నీళ్లు కలిసినవేమోయని అనుమానింపవలెను. వ్రేళ్లకు లోహపు రజను తగిలినయెడల లోపల ఏదో అరుగుచున్నదని గ్రహించి మెకానిక్కును పిలువవలెను.

“ఎదుట ఎర్రదీపముండగా పుల్లతో పనియేమి?” అని కొందరడుగుదురు. సాధారణముగా ఆ దీపము నూనె మట్టమును చెప్పదు, ఒత్తిడిని చెప్పును. పంపునకు నూనె సరిగా అందక ఒత్తిడి పడిపోయినప్పుడే అది వెలుగును. వెలిగిన వెంటనే బండిని భద్రముగా ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. కొన్ని క్రొత్త కార్లలో పుల్లయే లేదు. సెన్సారు కొలిచి తెరమీద చూపును. తక్కిన బండ్లలో మాత్రము దీపము వెలుగువరకు కాచుకొనుట, ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వుటవంటిదే.

మా సంఘములో ఒక యువకుడు అప్పుచేసి పాత కారొకటి కొని బాడుగకు త్రిప్పుచుండెను. దాని ఇంజను కొంచెము నూనె త్రాగుచుండెను. చదునైన బాటమీద ఏ దీపమును వెలుగలేదు. ఒకనాడతడు పెండ్లివారిని ఎక్కించుకొని నంద్యాలనుండి గిద్దలూరునకు నల్లమల ఘాటుమీదుగా పోవుచుండెను. ఎక్కుడులోను మలుపులలోను సంపులోని కొద్దిపాటి నూనె ప్రక్కకు ఒరిగి పంపునకు అందకపోయెను. ఎర్రదీపము మినుకుమని ఆరెను, మరల మినుకుమనెను. పెండ్లివారు తొందరపెట్టుచుండిరి. “కిందికి దిగినాక చూద్దాంలే” అని అతడనుకొనెను. దిగకముందే ఇంజను పట్టివేసెను.

కొన్ని దినములకు నేనతని యింటికి వెళ్లితిని. “ఎట్లున్నావు నాయనా?” అని అడిగితిని. “బాగున్నానయ్యగారూ” అని నవ్వుచు బదులుచెప్పెను. నేను లేవలేదు. అతని తల్లి టీ తెచ్చెను. వానలను గూర్చియు, శనగ పైరును గూర్చియు కొంతసేపు మాటలాడుకొంటిమి. ఆమె లోపలికి వెళ్లిన పిమ్మట, “వాయిదా ఎప్పుడు కట్టాలప్పా?” అని మెల్లగా అడిగితిని. అతడు తల వంచుకొని యేడ్చెను. ఇంజను పోకముందే రెండు నెలల వాయిదాలు నిలిచిపోయినవి. ఆ సంగతి భార్యకైనను చెప్పలేదు. మూడు రాత్రులనుండి కన్ను మూయలేదు.

ఆ సాయంకాలమే అతడు భార్యను పిలిచి నా యెదుటనే సమస్తమును చెప్పెను. ఆమె కోపపడలేదు, “ముందే చెప్పింటే ఏమయ్యేది?” అని మాత్రమనెను. నాకు పుల్ల సంగతి నేర్పిన మెకానిక్కే ఇంజను విప్పి, కూలిని నెలనెలకు కొంచెముగా తీసికొనుటకు ఒప్పుకొనెను. మరల ఆ బండి రోడ్డెక్కుటకు నాలుగు నెలలు పట్టెను. ఇప్పుడతడు ప్రతి ఉదయము బాడుగకు వెళ్లకముందు బానెట్టు ఎత్తి, పుల్ల తీసి, తుడిచి, మరల ముంచి చూచుచున్నాడు.

ప్రియ చదువరీ, మన ఇండ్లలో “బాగున్నాను” అనుమాట చాలమట్టుకు మొదటి గుర్తువంటిదే. అది అబద్ధము కాదు; దినమంతయు ఆడిన ఇంజను ఎగరజిమ్మిన నూనె అది. లోపల యెంత మిగిలినదో ఆ మాట చెప్పదు. భర్త వాకిట చెప్పులు విడుచుచుండగా అడిగిన ప్రశ్నకును, భోజనమై కూర్చున్న తరువాత అడిగిన ప్రశ్నకును ఒకే జవాబు రాదు. పట్టణములో చదువుకొను కుమార్తె ఫోనులో మొదటి నిమిషమున చెప్పినదియు, పదియవ నిమిషమున చెప్పినదియు ఒకటి కాదు. గనుక కొంచెము కాచుకొని రెండవమారు అడుగుడి. జవాబు విన్న తరువాత బుద్ధిమాటలు ఒక్కసారిగా కుమ్మరింపకుడి. మితిమీరి పోసినది నురుగగును. కొంచెము పోసి, కాచి, మరల చూడుడి.

రేపు ఉదయమున బండి కదల్చకముందు ఒక పాత గుడ్డ చేతబట్టుకొని బానెట్టు ఎత్తుడి. ఆ పనికి పది నిమిషములైనను పట్టదు. రాత్రి యిల్లు చేరిన తరువాత, పగలు “బాగున్నాను” అని చెప్పినవారి ప్రక్కన కూర్చుండుటకు అంతకంటె కొంచెమెక్కువ సేపు పట్టవచ్చును. ఆ సేపును వారికి మిగిల్చి యుంచుడి.