ఓడలోని మనుష్యుల లెక్క



గ్రీసు దేశపు దీవులను చూడబోవువారు ఉదయముననే తెరచాప నావ యెక్కి, దీవి చుట్టు తిరిగి, మధ్యాహ్నము గాలి తగలని యేదో ఒక రేవులో లంగరు వేసి, అక్కడనే భోజనము చేసికొని, ప్రొద్దు క్రుంకువేళకు తిరిగివత్తురు. విదేశములలో ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలు అట్టి విహారములకు పోయి ఛాయాచిత్రములు పంపుచుందురు. వాటిని సెల్‌ఫోనులో నాకు చూపించి, "అయ్యగారూ, పౌలుగారు పోయిన సముద్రం ఇదేనా?" అని మా మంగళగిరి సంఘములోని తలిదండ్రులు అడుగుదురు. "అవునమ్మా, ఇదే" అని చెప్పుదును. ఆ ప్రశ్న మంచిదే. కాని దాని ప్రక్కన మరియొక ప్రశ్న నుంచవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నీటిమీద పోవునప్పుడు మనము దేనిని లెక్క పెట్టుచున్నాము?

అపొస్తలుల కార్యముల గ్రంథము 27వ అధ్యాయమును తీసి చదువుడి. గ్రీకు దీవులలో నెల్ల పెద్దదైన క్రేతు ప్రక్కగా సాగిన ప్రయాణమది. అలెక్సంద్రియ ఓడ, లోపల గోధుమలు. ఎదురుగాలివలన క్నీదు దాటలేక, సల్మోనే దరిని క్రేతు చాటునకు వచ్చి, అతికష్టముమీద మంచిరేవులు అను స్థలమునకు చేరిరి. క్రేతు దక్షిణపు ఒడ్డున ఆ స్థలము నేటికిని ఉన్నది. గ్రీకు భాషలో దాని పేరు నేటికిని ఆ అర్థమునే యిచ్చుచున్నది. చలికాలము సమీపించినది గనుక ఇక ముందుకు పోవుట అపాయమని పౌలు చెప్పెను. శతాధిపతి ఖైదీ మాట విడిచి, ఓడ నడుపువాని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా విసరెను. అంతయు అనుకూలముగా నున్నదనుకొని బయలుదేరిరి. కొంచెము సేపటికే దీవి మీదనుండి పెనుగాలి కొట్టెను. నేడు గావ్దోస్ అని పిలువబడుచున్న కౌద అను చిన్న దీవి చాటున పడవను పైకి లాగుకొనుటకే వారికి ప్రాణము కడబట్టెను.

ఈ సంగతులన్నిటిని చూచి వ్రాసినవాడు లూకా. అతడు గాలుల పేర్లు వ్రాసెను. రేవుల పేర్లు వ్రాసెను. సముద్రపు లోతు ఎన్ని బారలో వ్రాసెను. కాని ఓడలో ఎన్ని బస్తాల గోధుమలుండెనో వ్రాయలేదు. ఓడలో నున్న మనుష్యులను మాత్రము లెక్కించి, 276 మంది అని వ్రాసెను. అందులో సైనికులున్నారు, నావికులున్నారు, సంకెళ్లతో నున్న ఖైదీలున్నారు. ఖైదీలను విడిగా చూపలేదు. అందరును కలిసి ఒక్కటే లెక్క. ఆ లెక్క చెప్పిన వెంటనే ఓడ తేలికయగుటకై గోధుమలను సముద్రములో పారబోసిన సంగతి చెప్పెను. అందరును మెలితే దీవి ఒడ్డునకు ప్రాణములతో చేరినారని అధ్యాయము ముగించెను.

ఇక మన దీవి మాట. మంగళగిరివారు దీవిని చూచుటకు గ్రీసు దేశమునకు పోనక్కరలేదు. ఒక్క దినములో పోయి రాదగిన దీవి మనకును ఉన్నది. అదియే నాగార్జునకొండ. క్రేతు సృష్టి మొదలుకొని దీవియే కావచ్చును. నాగార్జునకొండ మాత్రము మన తండ్రుల కాలమువరకు దీవి కాదు. అది లోయ నడుమ నిలిచిన కొండ. చుట్టును పల్లెలు, చేలు, ఎడ్లబండ్ల త్రోవలు ఉండెడివి.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఇది రాతితో కట్టిన కట్టడము. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26, నిండు నీటిమట్టము 590 అడుగులు. కుడి కాలువ 203 కిలోమీటర్ల పొడవున పల్నాటి మెట్టలను దాటి ప్రకాశము జిల్లాలోనికి పోవుచున్నది. నీరు నిలిచిన పిమ్మట కొండ దీవియయ్యెను.

మొన్నటి ఫిబ్రవరి నెలలో ఒక శనివారమున మా సంఘమునుండి నలుబదిమందిమి బస్సు మాటలాడుకొని తెల్లవారకముందే బయలుదేరితిమి. సత్తెనపల్లి దాటి, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటి, మాచెర్ల మీదుగా పోతిమి. దారి పొడవునను కళ్లాలలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి యుండెను. బస్సులో పిల్లలు దగ్గుచు నవ్వుచు ఉండిరి. వారి తాతల నాడు ఈ మెట్టలలో వాన కురిసిన జొన్నలు, కురియకున్న వలస. ఇప్పుడు ప్రత్తి, మిరప. ఆ యెరుపు వెనుక కాలువ నీరున్నదని పిల్లలకు చెప్పితిని.

విజయపురి సౌత్‌లో లాంచీల రేవున్నది. అక్కడ టిక్కెట్లు తీసికొని, ప్రాణరక్షణకై యిచ్చు లైఫ్ జాకెట్టులను ప్రతివారికి తొడిగించితిమి. యువకులలో కొందరు అది ఉక్కపోతయని సణిగిరి. వారికి 2017వ సంవత్సరము నవంబరు 12వ తేదీని జ్ఞాపకము చేసితిని. అది కార్తికమాసపు ఆదివారము. మన విజయవాడ దగ్గరనే, ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణా గోదావరుల పవిత్ర సంగమమునకు పోవుచున్న పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయిరి. వారిలో పెక్కుమంది ఒంగోలునుండి వచ్చినవారు. ఆ పడవకు అనుమతి లేదు. నది నాడు పొంగలేదు; తుపాను లేదు; మెల్లని గాలియే. మంచిరేవులు విడిచిననాడు వీచినదియు మెల్లని గాలియే గదా! కనుక ఎక్కునప్పుడు తలలు లెక్కించితిమి, దిగునప్పుడు మరల లెక్కించితిమి. ఇది భయపడుటకాదు. లూకా చేసిన పనియే.

రేవునుండి దీవికి 11 కిలోమీటర్లు. సుమారు ఒక గంట ప్రయాణము. నీరు ఆకుపచ్చగా నుండెను. ఇరుప్రక్కల కొండలు. అందరును ముందువైపు చేరి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా మాతో వచ్చిన ఒక ముసలి తల్లి మాత్రము ప్రక్క కమ్మి పట్టుకొని నీటినే చూచుచుండెను. ఆమె వయస్సు డెబ్బదియైదు దాటినది. ఆమె పుట్టినది ఈ లోయలోని పల్లెలలో ఒకదాని యందే. నీరు రాకమునుపు ఊరు లేచిపోయిననాటికి ఆమె పదేండ్ల పిల్ల. లాంచీలో పనిచేయు కుఱ్ఱవానిని పిలిచి, "అబ్బాయ్, ఇప్పుడు ఏ ఊరి మీద పోతున్నాం?" అని అడిగెను. వాడు నవ్వి, "ఊరేంది మామ్మా, ఇది సాగరు గదా!" అనెను. ఆమె యేమియు అనలేదు.

నేను పోయి ప్రక్కన కూర్చుంటిని.

"మా చింతచెట్టు ఏడుందో అని చూస్తున్నానయ్యగారూ. దాని కింద మా నాయన జొన్నలు కొలిచేవాడు."

"మనసుకు కష్టంగా ఉందా అమ్మా?" అని అడిగితిని.

"ఎవరిననేం లాభం? అన్ని ఊళ్లకు నీళ్లొచ్చాయి, అన్నం తింటున్నారు. మంచిదే. మాకిచ్చిన చేను మాత్రం కాలువకు ఎగువన పడింది. నీళ్లెక్కవు. మా ఊరు ముంచిన నీళ్లేగా అయ్యగారూ, మా చేనుకే ఎక్కలేదు. మా నాయన పోయిందాకా మబ్బు వంకే చూశాడు."

నేను సెమినరీలో చదివిన మాటలేవియు ఆ సమయమున నాకు అక్కరకు రాలేదు. కొండ దగ్గరపడువరకు ఆమె ప్రక్కననే ఊరకుంటిని.

దీవి మీద చూడదగినది చాల కలదు. ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి ఈ లోయలోనే మూడవ శతాబ్దములో వెలసినది. ప్రాచీన శిథిలములు 1926లో వెలుగునకు వచ్చెను; 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ గారు త్రవ్వించిరి. ఆనకట్ట కట్టుట నిశ్చయమైన పిమ్మట, నీరు వచ్చులోపల లోయనంతయు చూడవలెనని 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణలో గొప్ప త్రవ్వకములు జరిగెను. రోమా బంగారు నాణెములు దొరికెను. వాటిలో నొకటి తిబెరి కైసరుది. లూకా సువార్త 3వ అధ్యాయములో ఎవని ఏలుబడి చెప్పబడినదో ఆ తిబెరియే! బోధిసిరి అను స్త్రీ వేయించిన శాసనములో కాశ్మీరము, చీనా, సింహళము మొదలగు దేశములతోపాటు యవనుల పేరును ఉన్నది. యవనులనగా గ్రీకువారు. చుట్టును మెట్లు కట్టిన క్రీడాస్థలమొకటి బయటపడగా, గ్రీకు రోమా రంగస్థలములను చూచినవారు ఆశ్చర్యపడిరి. కావున ఆ దీవులకును ఈ లోయకును నడుమ సముద్రమడ్డమై యుండలేదు. సముద్రమే త్రోవయై యుండెను.

ఆ కట్టడములలో తొమ్మిదింటిని విప్పి, కొండమీదికి చేర్చి, మునుపటి రూపముననే మరల నిలిపిరి. క్రీడాస్థలము మొదలగువాటిని ఒడ్డున అనుపు వద్ద తిరిగి కట్టిరి. చదువరులారా, ఇది చిన్న పనికాదు. పదునారు వందల యేండ్లనాటి రాయి నీటిపాలు కాకూడదని అంత శ్రమపడినవారికి మనము కృతజ్ఞులము.

మ్యూజియములో మా ముసలి తల్లి మనుమరాలు ఒక్కొక్క శిల దగ్గరనున్న చీటిని చదివి వినిపించుచుండెను. ఆమె శ్రద్ధగా విని, చివరకు నాతో, "ఇన్ని రాళ్లకు పేర్లు రాశారు, చల్లగా ఉండాలి. మా ఊళ్ల పేరు కూడా మీరన్నా రాయండయ్యగారూ, మీ పుస్తకంలో" అనెను.

అందువలననే ఈ వ్యాసము. ఆ లోయలో మునిగిన పల్లెలలో పుల్లారెడ్డిగూడెము ఒకటి. త్రవ్వకములను గూర్చిన పాత గ్రంథములలో ఆ పేరు స్థలము గుర్తుకొరకు కానవచ్చును. ఇక్కడ నేను దానిని మనుష్యులున్న ఊరుగా వ్రాయుచున్నాను. ఆ తల్లి ఊరు అదే కానక్కరలేదు. ఒక పేరు తక్కిన పేర్లకు గుర్తుగా నిలుచును గాక. అక్కడ పొయ్యిలు వెలిగెను. పెండ్లిండ్లు జరిగెను. చింతచెట్ల క్రింద జొన్నలు కొలిచిరి.

ఆనకట్ట కట్టకుండవలసినదని నేను చెప్పుటలేదు. కరవునాడు పల్నాడు పడిన పాట్లు తెలిసినవాడెవడును ఆ మాట అనడు. ఒంగోలు పట్టణము ఆ కాలువ నీరే త్రాగుచున్నది. మన ప్రకాశం బ్యారేజి వద్ద నిలిచి మనము చూచు కృష్ణమ్మయు ఆ సాగరము గేట్లు దాటి వచ్చునదే. నా కంచములోని కారములో ఆ నీరున్నది. నేను చెప్పునది ఒక్కటే. పౌలు ఎక్కిన ఓడలో మనుష్యులు బ్రదుకుటకై గోధుమలను నీట పారబోసిరి. ఇక్కడ మనకు పంట పండుటకై కొందరి యిండ్లు నీట మునిగెను. తినుచున్నవారు ఆ లెక్క మరచిన యెడల అది అప్పు ఎగవేయుటయే.

అప్పు తీర్చుట ఎట్లని మీరు అడుగవచ్చును. చింతచెట్టును తిరిగి తేలేము. కాని సాగరమువలననే గాక శ్రీశైలమువలన, పులిచింతలవలన, పోలవరమువలన ఊళ్లు విడిచి వచ్చినవారు మన వీధులలోనే ఉన్నారు. కొందరు అద్దెయింట నున్నారు. కొందరు ఎవరి చేలోనో మిరపకాయలు కోయుచున్నారు. వారిలో కొందరికి రావలసిన కాగితములు ఇంకను రాలేదు. వచ్చిన కాగితములు చదువుకొనలేని వృద్ధులున్నారు. చదువు వచ్చిన మనము ఒక అర్జీ వ్రాసిపెట్టవచ్చును, కచేరికి తోడుపోవచ్చును. మా సంఘములోని యువకులు ఇద్దరు ఆ తల్లి కుటుంబపు పాత కాగితములను వరుసపెట్టి చూచుచున్నారు. ఫలితమేమగునో దేవునికి తెలియును. పని మాత్రము మొదలైనది.

మీరును పిల్లలను తీసికొని నాగార్జునకొండకు పోయిరండి. నీటిమట్టమును, గాలిని, లాంచీలు నడచుచున్నదియు లేనిదియు ముందుగా విచారించుకొనుడి. జాకెట్టు తొడుగుకొనుడి, తలలు లెక్కపెట్టుకొనుడి. మహాచైత్యము చూడుడి, యవనుల మాటయు కైసరు నాణెము మాటయు పిల్లలకు చెప్పుడి. అయితే లాంచీ నడునీటికి చేరినప్పుడు ఒక్క నిమిషము మాటలు చాలించి, క్రింద ఊళ్లున్నవని వారికి చెప్పుడి. ఇంటికి వచ్చిన తరువాత మీ వీధిలో అట్టివారెవరో కనుగొని, మొదట వారి ఊరి పేరు అడుగుడి.