చేతితో చేసిన గడియారము

గడియారము మన యిండ్లకు పనిముట్టుగా వచ్చినదా, ఆభరణముగా వచ్చినదా యని యెవరైన నడిగినచో వెంటనే సమాధానము చెప్పుట కష్టము. పెండ్లిలో వరునకు ఉంగరముతోపాటు గడియారము పెట్టుట అనేక కుటుంబములలో ఆచారమైనది. ఆ దినమున దాని ముండ్లు సరిగా నడచుచున్నవా యని చూచువారు లేరు. ఏ కంపెనీది, యెంత పెట్టి కొన్నారు అనియే చూతురు. మా బాన్సువాడ ప్రాంతమునుండి దుబాయి, మస్కటు మొదలగు చోట్లకు పనికి పోయినవారు తిరిగి వచ్చునపుడు బంగారు వన్నె గడియారములు తెచ్చి బంధువులకు పంచుట చిరకాలముగా చూచుచున్నాము. వానిలో చాల వఱకు బ్యాటరీ అయిపోయిన దినముననే అలమార చేరును.

ఇట్టి యూరిలోని మా అక్కయ్యకు, బర్మింగుహాములో ఉద్యోగము చేయుచున్న ఆమె కుమారుడు, చేతితో చేసిన గడియారమొకటి కొనదలచితినని తెలియజేసెను. వెల ఆరువేల పౌనులట. అనగా మన లెక్కలో ఆరు లక్షల రూపాయలకు పైమాట. చేయువారు ముగ్గురే మనుష్యులు గల చిన్న అంగడివారు. సొమ్ములో కొంత ముందుగా కట్టి ఏడాదికి పైగా కాచుకొనవలెనట.

వెల విని మా అక్కయ్య కొంతసేపు మాటాడలేదు. ఆమె ఇరువది రెండేండ్లు ఇంటి యరుగుమీద కూర్చుండి, చాటలో తునికాకును పొగాకును పెట్టుకొని బీడీలు చుట్టిన మనిషి. ఆ కూలితోనే కుమారుని ఇంజనీరింగు చదువునకు ఫీజులు కట్టినది. బీడీపనికి కూలి గంటలనుబట్టి గాక వేయి బీడీల లెక్కనుబట్టి వచ్చును. బాగులేవని తీసివేసినవి పోగా మిగిలినవానికే డబ్బు. ఇచ్చిన ఆకు చాలకున్న తన సొమ్ముతో కొని నింపవలెను. "ఆరు లచ్చలా! గది గూడ టైమే గద బిడ్డా సూపుతది?" అని మాత్రము ఫోనులో నన్నది. అందులో కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరి యడిగిన ప్రశ్నయే. అతడు తల్లికి జవాబు చెప్పలేక, "చిన్నమ్మా, నువ్వు చదివి అమ్మకు చెప్పు" అని ఆ పని మా మీద పెట్టెను.

పదునెనిమిదవ శతాబ్దమున గడియారపు విద్యకు ఇంగ్లండు పుట్టినిల్లు వలె నుండెను. నడిసముద్రమున ఓడ యెంత తూర్పునకు, ఎంత పడమటికి పోయినదో తెలిసికొను ఉపాయమునకు అచ్చటి పార్లమెంటు 1714 లో 20,000 పౌనుల వరకు బహుమానము ప్రకటింపగా, వడ్రంగియగు జాన్ హారిసను 1759 లో ముగించిన తన నాలుగవ సముద్రపు గడియారముతో ఆ చిక్కును విడదీసెను. తరువాతి శతాబ్దమున స్విట్జర్లండువారు చౌకగాను, అమెరికావారు యంత్రములతోను లెక్కలేనన్ని చేసి అమ్మసాగిరి. ఆంగ్లేయ పనివారు తమ చేతిపద్ధతియే మేలని పట్టుపట్టి యుండగనే వారి అంగళ్లు మూతపడినవి. మన సాలెవాడల కథ యెఱిగినవారికి ఇది క్రొత్త కాదు. మనకు మిల్లుగుడ్డ పంపిన దేశముననే ఒక చేతిపని పరదేశపు యంత్రమునకు ఓడిపోయినదని చదివినపుడు మాకు నవ్వును వచ్చినది, జాలియు కలిగినది.

1969 డిసెంబరులో జపానుకు చెందిన సెయికోవారు బ్యాటరీతో నడచు క్వార్ట్జు చేతిగడియారమును అమ్మకమునకు పెట్టిన పిమ్మట, కీ యిచ్చు గడియారమే పాతబడినది. మన దేశమున 1961 నుండి సిటిజను కంపెనీ సాయముతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వారు చేసిన గడియారములు ఇంటింటికిని వచ్చినవి. మన హైదరాబాదు ఆల్విన్ వారును సెయికో సాయముతో చేసిరి. ఆల్విన్ గడియారములు ఎన్నడో నిలిచిపోయినవి, హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు ప్రభుత్వము 2016 లో నిశ్చయించెను.

అందఱును వదలిన ఆ విద్యను మరల పట్టుకొన్నవాడు జార్జి డేనియల్సు. 1926 లో పుట్టి, లండనులో పేదరికమున పెరిగి, పాత గడియారములు బాగుచేయుచు నేర్చుకొని, ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమ నున్న మాన్ ద్వీపమున కార్ఖానా పెట్టుకొనెను. చక్రములు, ముండ్లు, పెట్టె, ముఖము సమస్తమును ఒక్కచేతిమీదుగా చేయుట ఆయన వ్రతము. ఒక్కొక్కదానికి సుమారు 2,500 గంటలు పట్టెడిదట. నూనె అవసరమును తగ్గించు క్రొత్త యేర్పాటొకటి ఆయన కనిపెట్టగా, దానిని ఒమేగా కంపెనీవారు 1999 నుండి తమ గడియారములలో పెట్టిరి. ఆయన శిష్యుడు రోజరు స్మిత్తు తన మొదటి గడియారమును తీసికొనిపోయి చూపగా, చేతితో చేసినట్లు కనబడుచున్నదని గురువు త్రిప్పి పంపెనట. శిష్యుడు మఱి ఐదేండ్లు శ్రమించి రెండవదానిని చేసి మెప్పించెను. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. చేతిపని యనగా వంకరటింకరలే అందమని ఈ కాలమున కొందఱు చెప్పుచున్నారు గాని, చక్కగా ముగ్గు వేయగల స్త్రీ యెవ్వతెయు అట్లు తలపదు.

బర్మింగుహాములో 2012 లో రెబెక్కా స్ట్రథర్సు అను స్త్రీ తన భర్తతో కలిసి ఇట్టి కార్ఖానాయే పెట్టినది. ఆమె గడియారవిద్యలో డాక్టరు పట్టము పొంది, 2023 లో ఆ విద్య చరిత్రను గూర్చి గ్రంథమును కూడ ప్రకటించినది.

ఇక వెల మాట. రోజరు స్మిత్తు కార్ఖానానుండి ఏడాదికి వెలువడునవి ఇరువదికి మించవు. ఒక్కొక్కటి లక్ష పౌనులకు పైమాటే, అనగా కోటి రూపాయలు దాటినది. 2024-25 సంవత్సరమునకు సాధారణ రకపు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన కోటి రూపాయలకు 4,300 క్వింటాళ్లకు పైగా కావలెను. నిజాంసాగరు కాలువ క్రింద ఎకరమునకు 25 క్వింటాళ్లు పండినవనుకొన్నను, నూట డెబ్బదికి పైగా ఎకరముల ఒక పంట! డేనియల్సు చేసిన జేబుగడియారమొకటి 2019 లో లండను వేలమున 36 లక్షల పౌనులకు పోయినది. అందులో చేసినవానికి ఒక్క కానియు రాలేదు. ఆయన గతించి అప్పటికి ఎనిమిదేండ్లు.

కొన్న తరువాత ఖర్చు వేఱు. కీ గడియారమును అయిదాఱేండ్ల కొకసారి విప్పి, కడిగి, నూనె వేయింపవలెను. మా బజారులో గడియారములు బాగుచేయు వృద్ధుడు హెచ్.ఎం.టి. జనతను కన్నులు మూసికొని విప్పగలడు గాని, ఇట్టిదానిని ముట్టడు. దానిని చేసినవారికే పంపవలెను. ఆ ముగ్గురిలో ఒకరికి చేయి వణకిన నాడు ఏమి గతి? ఇంత చేసియు అది దినమునకు కొన్ని సెకనులైన వెనుకకో ముందుకో పోవును. రెండు వందల రూపాయల బ్యాటరీ గడియారము సాధారణముగా అంతకంటె సరిగా నడచును. కాబట్టి మా అక్కయ్య ప్రశ్నకు "కాలము చూపుటకు" అనునది జవాబు కానేరదు.

చదువుచుండగా మా మనసును పట్టుకొన్న సంగతి మఱొకటి యున్నది. వెనుకటి ఆంగ్లేయ గడియారములలో స్ప్రింగు బిగువు సడలుకొలది బలము తగ్గకుండ, శంకువువంటి చక్రమునకు సన్నని గొలుసు చుట్టెడివారు. సైకిలు గొలుసువంటిదే గాని దారమంత సన్నము. అట్టి గొలుసులను ఇంగ్లండు దక్షిణతీరమున క్రైస్టుచర్చి అను ఊరిలో 1790 ప్రాంతమునుండి ఆడువారును, పేదల ఆశ్రమములలోని ఆడపిల్లలును చేసెడివారు. ఒక్కొక్క లంకె కంటికి ఆనదు. ఆ పనిలో ఎందఱికో చూపు చెడినది. గడియారపు ముఖము మీద యజమాని పేరు చెక్కియుండును. గొలుసు చేసిన పిల్ల పేరు ఎచ్చటను లేదు. ఇది చదివి వినిపింపగా మా అక్కయ్య తన బొటనవ్రేలి గోరు చూచుకొన్నది. బీడీ మూతి మడిచి మడిచి అది అరిగి పోయినది.

మంచి గడియారము స్త్రీకి అన్నము పెట్టిన కథయు లేకపోలేదు. లండనులో బెల్‌విల్ అను కుటుంబమువారు, గ్రీన్‌విచ్ నక్షత్రశాలలోని కాలముతో తమ జేబుగడియారమును సరిచూచుకొని, నగరములోని గడియారపు అంగళ్లకు తీసికొనిపోయి చూపి, చందా పుచ్చుకొనెడివారు. 1836 లో తండ్రి యారంభించెను. 1856 లో ఆయన పోగా భార్య మరియా, 1892 నుండి కుమార్తె రూతు ఆ పని సాగించిరి. గడియారము జాన్ ఆర్నాల్డు చేసినది. 1908 లో, తంతి ద్వారా కాలము అమ్ము కంపెనీ పెద్ద యొకడు సభలో ఆమెను హేళన చేయగా, ఆమె ఖాతాదారులు తగ్గుటకు మాఱుగా పెరిగిరట! 1940 వరకు ఆమె ఆ సంచి పట్టుకొని లండను వీధులలో నడచినది.

ఇవన్నియు విన్న పిమ్మట మా అక్కయ్య కుమారుని మఱల పిలిచి ఒక్క మాట అడిగినది. "చేసినోల్లకు అండ్ల ఎంత మిగులుతది?" అతడు లెక్క చెప్పెను. ఆరువేలలో ప్రభుత్వపు పన్ను వేయి పోవును. మిగిలిన అయిదువేలలో లోహము, పనిముట్లు, అద్దె పోగా, ముగ్గురి నెలల పనికి చేతికందునది మనమనుకొన్నంత కాదు. ఆ ఊరి మేస్త్రీ కూలికి అటునిటు. "గట్లయితే బేరం చేయకు" అన్నది ఆమె. మేము ఆశ్చర్యపడితిమి. కరీంనగరపు వెండితీగ పనివాని యొద్ద కుంకుమభరిణె బేరమాడి వెల సగము చేసినందులకు పెండ్లిలో మెచ్చుకొనబడు యూరు మాది.

అయితే ఆమె ఉదారముగా సొమ్ము విడిచిన దని తలపవలదు. ముందు తన అరుగుకు రేకులు తీసివేసి స్లాబు వేయింపవలెనని, ఆ పిమ్మటనే గడియారమని షరతు పెట్టినది. అతడు ఒప్పుకొనెను. స్లాబు పోసి రెండు నెలలైనది.

గడియారము వెనుక మూత లోపల కోరిన పేరు చెక్కి యిత్తురట. అమ్మ పేరు వ్రాయింతునని అతడు వ్రాసెను. "నా పేరెందుకు, చేసినోల్ల పేరు రాయమను, ముగ్గురిదీ" అని ఆమె చెప్పించినది. అంగడివారు ఇందుకు సమ్మతించిరో లేదో జాబు ఇంకను రాలేదు. గడియారము వచ్చు దసరాకు గాని సిద్ధము కాదు.