గ్రనాడాలో చుట్టము

2004వ సంవత్సరమున మేము లండను నగరమున విద్యార్థులమై యుంటిమి. అంతకు ముందే సంస్కృతమున నొక పట్టమును, ఆంగ్లమున నొక పట్టమును గడించి యుంటిమి గావున, ప్రపంచమున తెలియవలసినదానిలో సగము మాకు తెలియునని మా నమ్మకము. తక్కిన సగము చూచినంతనే తెలియునని మఱియొక నమ్మకము. ఆ వసంతమున నొక శుక్రవారము సాయంకాలము మేమును, స్పానిషు భాష నేర్చిన మా సహాధ్యాయి యొకడును, స్పెయిను దేశపు దక్షిణభాగమగు ఆందలూసియాకు బయలుదేఱితిమి. సోమవారము తరగతికి మరల రావలెను. ఆ రెండు దినముల ముచ్చటలు ఇరువదియేండ్లుగా మిత్రులకు చెప్పుచునే యున్నాము. కాని యందలి యొక చిన్న సంగతిని మాత్ర మెవ్వరికిని చెప్పలేదు. దాని నీనాడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

మేము పరదేశీయులము గావున, రెండు దినముల ప్రయాణమునకై అనుమతిపత్రము పొందుటకు కాగితముల కట్ట చంకబెట్టుకొని యొక పూట వరుసలో నిలువవలసి వచ్చెను. బ్యాంకి లెక్క, కళాశాల యుత్తరము, తిరుగు టిక్కెట్టు: ఇవి యన్నియు మేము తిరిగి వచ్చువారమే యనియు, ఎక్కడనో దాగిపోవువారము కామనియు చూపవలసిన ఋజువులు. మా సహాధ్యాయి ఆంగ్లేయుడు. అతనికీ బాధ లేదు. మా యభిమానము దెబ్బతినెను. “పుట్టుకను బట్టి మనుష్యు ననుమానింతురా?” యని యతనితో దారిపొడుగునను వాదించితిమి. ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

పొద్దుపోయి మలగా నగరమున విమానము దిగితిమి. తెల్లవాఱగనే బస్సెక్కి గ్రనాడాకు పోయితిమి. దారి కిరుప్రక్కల కొండలమీదికి వరుసలు వరుసలుగా ఆలివు తోటలు. వానికి పైన సియెర్రా నెవాడా పర్వతముల మంచు. ఎండ మన యెండవలె నుండెను. సున్నము కొట్టిన తెల్లని గోడలు చూడగా మాకు మా యూరు జ్ఞప్తికి వచ్చెను. మేము బసచేసిన యింటి యజమాని నగరపటమును విప్పి, చూడదగిన తావులకు గుర్తులు పెట్టి, తుదకు పెద్ద చర్చి యున్నచోట నొక సున్న చుట్టి, “ఇక్కడ హితానో స్త్రీలుందురు. చేతిలో రోజ్‌మరీ రెమ్మ పెట్టి డబ్బడుగుదురు. పుచ్చుకొనవలదు. జేబు చూచుకొనుడు” అని హెచ్చరించెను. హితానోలనగా జిప్సీలని మా సహాధ్యాయి చెప్పెను. అంతకుమించి మేమడుగలేదు.

ఆ చర్చి నంటియే రాజసమాధిమందిరము గలదు. 1492వ సంవత్సరము జనవరి 2వ తేదీన, తుది మహమ్మదీయ రాజగు బోఅబ్దిల్ చేతినుండి యీ నగరమును గైకొనిన ఫెర్డినాండు, ఇసబెల్లా దంపతుల సమాధులచ్చట నున్నవి. వానిని చూచి వెలుపలికి రాగా, ఏబదియేండ్ల స్త్రీ యొకతె యెదురు వచ్చి మా చేతిలో నొక పచ్చని రెమ్మ నుంచెను. మా రెండవ చేయి తనంతట తానే జేబుమీదికి పోయెను. దాని నామె చూచెను. చూచి, మా ముఖమువంక తేఱిపాఱజూచి యేదియో యడిగెను. “ఏ దేశమని యడుగుచున్నది” అని సహాధ్యాయి చెప్పగా, “ఇండియా” అంటిమి. ఆమె నవ్వి, తన ముంజేతిని మా ముంజేతి ప్రక్కను జేర్చి, రంగు సరిచూపి, “ప్రీమో” అనెను. పెదతండ్రి బిడ్డకును, మేనమామ బిడ్డకును చెల్లు మాట యది. మన చుట్టమను మాటవంటిది. మేము రెమ్మ నామె చేతికే తిరిగి యిచ్చి వడివడిగా నడచిపోయితిమి. వీథిమూల తిరిగిన పిమ్మట జేబు తడవి చూచుకొంటిమి. డబ్బు సరిగానే యుండెను.

మధ్యాహ్నము ఆల్హంబ్రా చూచితిమి. పదుమూడవ, పదునాలుగవ శతాబ్దములలో నస్రీదు వంశపు రాజులు కట్టించిన యా కోటలో మమ్ము మిక్కిలి యాకర్షించినది నీరు. దిగువ లోయలో పాఱు దార్రో నదిని ఎగువననే పట్టి, మైళ్ళ పొడవున కాలువ త్రవ్వి, కొండమీదికి దెచ్చిరి. ఆ నీరు తోటలలో పలుకుచు, ముంగిళ్ళలో మౌనముగా నిలిచి, గోడలకు అద్దము పట్టుచుండెను. గోడలపై ఇబ్న్ జమ్రక్ మొదలగు కవుల పద్యములు అక్షరశిల్పములై యున్నవి. ఇంతటి నాగరకతను నిర్మించిన జాతిని మతము పేర వెడలగొట్టిరే యని మేము వగచితిమి. ఆ 1492వ సంవత్సరముననే యూదులను దేశమునుండి వెళ్ళగొట్టు శాసనము ఈ కోటనుండియే వెలువడెనని తెలిసి యింకను వగచితిమి. పోయినవారికొఱకు వగచుట సులభము. వారు మన చేతిలో రెమ్మ పెట్టరు.

సాయంకాలము కోట కెదురుగా నున్న సాక్రోమోంటే కొండ నెక్కితిమి. అది హితానోల పేట. కొండను తొలిచి గుహలవంటి యిండ్లు చేసికొని తరతరములుగా వారచ్చట నివసించిరి. 1963 నాటి వానలకు గుహలు చెడగా, పెక్కుకుటుంబములు నగరపు టంచులకు తరలిపోయినవి. మిగిలినవానిలో కొన్నిట జాంబ్రా యను నాట్యము జరుగును. మేము పోయిన గుహలో లోకప్పునుండి రాగిపాత్రలు వ్రేలాడుచుండెను. ఒక స్త్రీ పాదములతో నేలను మ్రోగించుచు నాడెను. ఒక వృద్ధుడు చప్పట్లతో తాళము వేసెను. ఆట ముగిసిన పిమ్మట దాహమై మంచినీరడిగితిమి. ఆ వృద్ధుడు మా దేశమెఱిగి, గాజుకుప్పె నెత్తి పట్టి, చిన్నపిల్లవానికి పాఠము చెప్పునట్లు, “పాన్యీ” అనెను.

మేము నిర్ఘాంతపోయితిమి. అది మన పానీయమే! స్పెయిను దేశపు కొండగుహలో నిరక్షరాస్యుడగు నొక వృద్ధుని నోట మా పాఠశాలలోని పదము వినబడెను. ఇంకను చెప్పుమని యడుగగా అతడు వ్రేళ్ళు మడచుచు చెప్పెను: ఉప్పు లోన్, మనుష్యుడు మనూ, దేవుడు ఉందెబెల్. అందు లవణమును, మనుష్యుని, దేవుని గుర్తుపట్టితిమి. పది పండ్రెండు మాటలయిన పిమ్మట అతడు చేతులు చాచి, “మా తాతలకింకను తెలియును. మాకు మిగిలినవివియే” అనెను.

ఆ రాత్రి గుహ వెలుపల గోడపై గూర్చుండి, ఎదుట దీపకాంతిలో మెఱయుచున్న ఆల్హంబ్రాను చూచుచు, సహాధ్యాయికి భాషాశాస్త్రమును వివరించితిమి. మాకు చుట్టములు దొరకిరని మురిసితిమి. అంతలో మధ్యాహ్నమునాటి మాట చెవిలో వినబడెను. “ప్రీమో” యని ముందుగా పిలిచినది ఆమె; అపుడు మా చేయి జేబుమీద నుండెను. మేమామెను చుట్టముగా నొప్పుకొనుటకు సంస్కృతపు సాక్ష్యము కావలసివచ్చినది. ఆమెకు మా ముంజేయి చాలెను.

ఆదివారము విమానమెక్కి, సోమవారము తరగతికి పోయితిమి. పిమ్మట పుస్తకశాలలో గూర్చుండి వారి చరిత్రము చదివితిమి. వారి భాష భారతదేశమునుండి వచ్చినదని 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు నిరూపించెను. ఆ భాషలో ఒకటి మొదలు ఆఱు వఱకును మన సంఖ్యలే; ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు సంఖ్యలు. వారు నడచిన దారి వారి నాలుకమీదనే వ్రాయబడియున్నది. 1425లో అరగాన్ రాజు వారి నాయకుని కొకనికి నిరాటంకముగా సంచరించుటకు అనుమతిపత్ర మొసగెను. ఈజిప్టునుండి వచ్చినవారని భ్రమించుటచేతనే వారికి హితానోలను పేరు వచ్చినది. ఆ యాదరము నిలువలేదు. అఱువది దినములలో స్థిరమైన వృత్తి చేపట్టవలెను, లేదా దేశము విడువవలెనని 1499లో శాసించిరి. మీఱినవారికి కొరడాదెబ్బలు, చెవులు కోయుట శిక్షలు. 1749 జూలైలో నొక రాత్రి రాజాజ్ఞచేత దేశమంతట వారిని ఒక్కుమ్మడిగా పట్టి, పురుషులను నౌకాశ్రయముల వెట్టిచాకిరికిని, స్త్రీలను నిర్బంధగృహములకును పంపిరి. కొందఱికి 1765 వఱకు విడుదల లేదు. 1783లో కొన్ని తావులు తప్ప ఎక్కడనైనను నివసింపవచ్చునని దయతలచిరి; కాని భాషను నిషేధించిరి. ఆ వృద్ధునికి పండ్రెండు మాటలే యేల మిగిలినవో అపుడు తెలిసినది.

వారు తమ్ము తాము రోమ్ అని చెప్పుకొందురు. ఆ పదము సంస్కృతమునందలి డోంబ శబ్దమునుండి పుట్టినదని పెక్కుమంది భాషావేత్తల మతము. ఇది చదివి పుస్తకము మూసివేసితిమి. డోంబుడనగా నెవ్వడో మా గ్రంథములలో మేమెఱుగుదుము: వేణీణలు మీటి పాడువాడు, కాటిని కాచువాడు, ఊరికి వెలుపల నుండువాడు. బాల్యమున హరిశ్చంద్ర నాటకము చూచి కన్నీరు కార్చితిమి. అంతటి రాజు కాటికాపరి కావలసి వచ్చెనే యని మాతోపాటు ఊరంతయు నేడ్చెను. తాతముత్తాతలనుండి కాటికాపరియై యున్నవానికొఱకు ఆ పందిరిలో నెవ్వరును ఏడ్వలేదు. వానికి పానీయమను మాట నిచ్చితిమి. మన బావిలోని నీరు మాత్ర మీయలేదు.

ఇంతవఱకు చెప్పినది విద్యార్థియొక్క పశ్చాత్తాపము. అది చవుకయైనది, విమానపు టిక్కెట్టు వెలకు వచ్చినది. అసలు సంగతి తరువాత జరిగినది.

మా చిన్నతనమున మా యింటికి ఎరుకలసాని వచ్చెడిది. చంకను బుట్ట, చేతిలో కఱ్ఱ. “ఎరుక చెబుతానమ్మా, ఎరుక!” అని వాకిట గూర్చుండి మా నాయనమ్మ చేయి చూచెడిది. నాయనమ్మ శ్రద్ధతో విని, చేటతో బియ్యము పోసి, ఆమె వీథిమలుపు దాటగనే పెరటిలోని ఇత్తడి గిన్నెలు లెక్కపెట్టెడిది. నాయనమ్మ చెడ్డది కాదు. ఊరంతయు నట్లే చేసెడిది. ప్రభుత్వమును నట్లే చేసెను. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానికిని వ్యాపించి, ఎరుకలవారిలో పెక్కుమందిని పుట్టుకతోనే నేరస్థులుగా నెంచినది. ఊరు దాటవలెనన్న అనుమతిచీటి కావలెను. బాపట్ల సమీపమునందలి స్టువర్టుపురము అట్టివారికై ఏర్పడిన వాడయే. 1952లో ఆ చట్టము రద్దయినది. ఎరుకలవారికిని రోమాలకును జన్మసంబంధము లేదు. వీరి భాష ద్రావిడభాష. ఉన్న సంబంధమెల్ల ఊరివారి చూపులో నున్నది.

కొన్నియేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో నొక యెరుకల బాలుడుండెను. పిల్లల విహారయాత్రకై వసూలు చేసిన డబ్బు కవరు ఒకనాడు మా బల్లమీద కానరాలేదు. నలువదిమంది పిల్లలున్నారు. మేమెవ్వరిని నేమియు ననలేదు, తలయెత్తి చూచితిమి. చూపు పోయి ఆ బాలునిమీద నిలిచెను. మా చూపు వెంబడి నలువదిమంది చూపులును పోయెను. వాడు లేచి, మేమడుగకయే, తన సంచి తెచ్చి బల్లమీద బోర్లించెను. రెండు పుస్తకములు, ఒక సద్దిడబ్బా, ఒక కలము. కవరు మా హాజరుపట్టీలోనే దొరకెను. మేమే పెట్టి మఱచితిమి.

తరగతి యెదుటనే తప్పు మాదని చెప్పి, క్షమింపుమని యడిగితిమి. వాడు పుస్తకములు సర్దుకొనుచు, “ఫరవాలేదండీ, అలవాటే” అనెను. కోపమున నన్నమాట కాదు. వర్షము పడుచున్నదని చెప్పినట్లు చెప్పెను. పదునాలుగేండ్ల బిడ్డకు అలవాటయినదట!

గ్రనాడాలో చేయి జేబుమీదికి పోయినపుడు మాకు తెలియదని చెప్పుకొనవచ్చును. ఈ తడవ అన్నియు తెలియును. 1499 తెలియును, 1871 తెలియును, డోంబశబ్ద వ్యుత్పత్తి తెలియును. తెలిసియు చూపు పాతదారినే పోయెను. చదువు తలకు పట్టినంత త్వరగా కంటికిని చేతికిని పట్టదు. వానికి వేఱుగా నేర్పవలెను, ప్రతిదినమును నేర్పవలెను. నాటినుండి తరగతిలో ఏ వస్తువు పోయినను మొదట మా సొరుగునే పిల్లల యెదుట తీసి చూపుచున్నాము. ఇది గొప్ప సంస్కార మని చెప్పబోము. పిల్లలు మా మాటకన్న మా చూపునే త్వరగా నేర్చుకొందురని తెలిసి చేయుచున్న పని మాత్రమే.

చదువరుల యిండ్లకును బుట్టలమ్ము స్త్రీయో, పాతబట్టలకు గిన్నెలిచ్చునామెయో వచ్చుచుండును. ఆమె పోయిన పిమ్మట మనమేమి చేయుదుమో పిల్లలు చూచుచుందురు. మా నాయనమ్మ లెక్కపెట్టిన గిన్నెలు మాకు తెలిసినంతవఱకు ఒక్కనాడును తగ్గలేదు. అయినను ఆమె లెక్క మానలేదు. ఆ లెక్క ఇంటినుండి మాతో గ్రనాడా దాక వచ్చి, మరల మా తరగతిలోనికి వచ్చినది. మా బిడ్డల చేతికి దాని నీయకుండ నుండగలిగిన చాలును.