కాలవ కట్టేసే కాలం

మా లీగు సెప్టెంబరు ఆఖర్లో అయిపోయింది. అక్టోబరులో ఇంకో రెండు శనివారాలు ఊరికే వెళ్ళి కాల్చొచ్చాను. ఇక ఏప్రిల్ దాకా తుపాకీ ముట్టుకోకూడదని నిర్ణయం. ఈ మాట చెప్తే క్లబ్బులోవాళ్ళు ఒకరకంగా, మనవాళ్ళు ఇంకోరకంగా చూస్తున్నారు. క్లబ్బులోవాళ్ళేమో "ఐదు నెలలే!" అంటారు. మనవాళ్ళేమో "తుపాకీయా!" అంటారు.

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తాను. నేను కాల్చేది మనుషుల్నీ కాదు, జంతువుల్నీ కాదు. అరచేతిలో పట్టేంత పళ్ళేన్ని. ఆటపేరు ట్రాప్. నేలబారుగా ఉండే చిన్న గదిలోంచి ఒక మిషను ఆ పళ్ళేన్ని గాల్లోకి విసురుతుంది. దాని వెనక 16 గజాల దూరంలో ఐదుగురం వరసగా నిలబడతాం. నా వంతు రాగానే "పుల్" అని అరవాలి. అరిచిన క్షణంలో పళ్ళెం గంటకి 40 మైళ్ళ పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. ఎడమకి వెళ్తుందో, కుడికో, తిన్నగానో ముందు తెలీదు. ఒక్కోచోట ఐదేసి చొప్పున, ఐదు చోట్లా కలిపి 25. పగిలితే ఒకటి, పగలకపోతే సున్నా. బూలియన్ ఆట అన్నమాట, మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

ఆ పళ్ళేన్ని ఇక్కడ పిట్ట అనే పిలుస్తారు. ఎందుకంటే ఒకప్పుడు నిజంగానే పిట్టల్ని కాల్చేవాళ్ళు. పావురాన్ని పంజరంలో పెట్టి, తాడు లాగి వదిలేవాళ్ళు. ఇవాళ్టికీ "పుల్" అని అరవడం ఆ తాడు తాలూకు జ్ఞాపకమే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా బతికున్న పావురాల్ని కాల్చారు. ఆ లోపలే అమెరికాలో గాజు బంతులు వచ్చాయి, 1880లో సిన్సినాటికి చెందిన జార్జ్ లిగౌస్కీ మట్టి పళ్ళేనికి పేటెంట్ తీసుకున్నాడు. పేరుకి మట్టేగానీ, ఇప్పటివి సున్నపురాయి పొడి, కీలు కలిపి పోత పోసినవి.

మనవాళ్ళకి కొత్త అనుకుంటాంగానీ, ఏథెన్స్‌లో 2004లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చింది ఇందులో ఒక రకానికే. మన హైదరాబాదు కుర్రాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్ళింది ట్రాప్‌లోనే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విడిగా కాంస్యం, జట్టుతో బంగారం తెచ్చాడు.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: "హెచ్1బీ మీద ఉండి తుపాకీ పట్టుకోవచ్చా?" మామూలుగా అయితే కుదరదు. వలసేతర వీసా మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీగానీ తూటాలుగానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళలాంటి కొందరికి మినహాయింపులున్నాయి. నాకెందుకొచ్చిన గొడవ అని గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే మొదలుపెట్టాను. మీరూ చెయ్యాలనుకుంటే నా మాట కాదు, లాయరు మాట వినండి.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్న. ఐదు నెలలు ఎందుకు?

చలి అని చెప్తే అందరూ ఒప్పుకుంటారు. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గర. నవంబరు 15న జింకల వేట మొదలవగానే క్లబ్బులో పెద్దవాళ్ళంతా ఉత్తరాదికి చెక్కేస్తారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మంచు. కానీ చలి సాకు మాత్రమే. డిసెంబరులో కూడా మంచు తవ్వుకుని, చేతులు కొంకర్లు పోతున్నా కాల్చేవాళ్ళున్నారు. తెల్లటి మంచు మీద నారింజరంగు పిట్ట ఇంకా బాగా కనిపిస్తుందని ఊరిస్తారు కూడా. కాబట్టి కావాలంటే ఏడాది పొడుగునా ఆడొచ్చు. నేనే వద్దనుకున్నాను.

కారణం చెప్పాలంటే ముందు "ఫ్లించ్" గురించి చెప్పాలి. తుపాకీ పేలినప్పుడల్లా భుజం మీద, చెంప మీద వెనక్కి తంతుంది. శబ్దం 140 డెసిబెల్స్ పైమాటే. చెవుల్లో బిరడాలు పెట్టుకుని, దానిమీద మళ్ళీ ఇయర్‌మఫ్స్ పెట్టుకున్నా ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. లెక్క వేసుకోండి. వారానికి 150 తూటాలు, 22 వారాలు, మొత్తం 3,300 తన్నులు. మనసుకి సరదాగానే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఎక్కడో లెక్క రాసుకుంటూ ఉంటుంది. ఏదో ఒకరోజు పిట్ట ఎదురుగా ఉంటుంది, గురి సరిగ్గా కుదిరి ఉంటుంది, కాల్చమని బుర్ర చెప్తుంది, వేలు కదలదు. ఒళ్ళు మాత్రం పేలిందనుకుని ముందుకి తూలుతుంది. పిట్ట హాయిగా వెళ్ళి గడ్డిలో పడుతుంది. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. మనకి రాదు.

ఆగస్టులో నాకిది మొదలైంది. రౌండుకి 21, 22 కొట్టేవాణ్ణి 17కి పడిపోయాను. ఒక రౌండులో మూడుసార్లు వేలు బిగుసుకుపోయింది. క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి, మూడు కార్ల కంపెనీల్లో ఒకదాంట్లో డై మేకరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన తుపాకీకి రిలీజ్ ట్రిగ్గరు ఉంటుంది. అంటే ముందు ట్రిగ్గరు నొక్కి పట్టుకుంటాడు, పిట్ట వచ్చాక వదుల్తాడు, వదిలితే పేలుతుంది. ఫ్లించ్ వచ్చినవాళ్ళు చాలామంది చివరికి అందులోకి మారతారు. నన్నూ మారమంటాడేమో అనుకున్నా. ఆయన అన్నది వేరు. "ముందు పెట్టెలో పెట్టు. ఏప్రిల్లో తీసి చూడు. అప్పటికీ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు దొరికిన అత్యంత చవకైన సలహా ఇదే :)

ఆయన అలా అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఊరి కాలవ.

మాది కోనసీమ. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వేసవి రాగానే ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. కట్టేసేముందు మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. చిన్నప్పుడు మాకు అదంతా పండగలా ఉండేది. రోజూ నిండుగా పారే కాలవ ఒక్కసారిగా వట్టిపోయేది. ఇన్నాళ్ళూ నీళ్ళకింద ఏముందో అప్పుడు కనిపించేది. బురద, గుర్రపుడెక్క, విరిగిన కుండలు, ఎవరిదో చెప్పు, గట్టు కింద పడిన బొరియలు. మడుగుల్లో మిగిలిన చేపల కోసం మేం దిగేవాళ్ళం. పెద్దవాళ్ళు పూడిక తియ్యడానికి దిగేవాళ్ళు. లాకుల తలుపులు బాగుచేసేదీ అప్పుడే, తూములకి సిమెంటు పూసేదీ అప్పుడే. నీళ్ళు పారుతుండగా ఈ పనులేవీ కుదరవు. పైగా నీళ్ళు పారుతున్నంతసేపూ ఆ పనులున్నాయనే ఎవరికీ తెలీదు.

నేను చెప్పదల్చుకున్నదంతా ఇంతే. కాలవ కట్టేసేది నేలకి విశ్రాంతి ఇద్దామని మాత్రమే కాదు. అడుగున ఏముందో చూడటానికి.

నా అడుగున ఏముందంటే, మొదటిది స్కోరు. ఈ ఆటలోకి వచ్చింది ఆఫీసు మర్చిపోవడానికి. పేజర్ మోగని, జిరా టికెట్లు లేని రెండు గంటల కోసం. "పుల్" అన్నాక పిట్ట పగిలేదాకా ఒక సెకను, సెకనున్నర. ఆ కాస్తలో డిప్లాయ్‌మెంట్ గురించి ఆలోచించడం సాధ్యం కాదు, అదే దీని అందం. కానీ నాలుగేళ్ళలో నా లాప్‌టాప్‌లో ఈ ఆటకొక స్ప్రెడ్‌షీట్ తయారైంది. తేదీ, గాలి ఎటు వీస్తోంది, ఏ తూటా, ఏ స్టేషన్లో ఎన్ని, కదిలే సగటు, రంగురంగుల గ్రాఫు. మూడో స్టేషన్లో తిన్నగా వెళ్ళే పిట్టలు నాకు ఎక్కువ తప్పుతాయని అదే చెప్పింది, కాబట్టి దానివల్ల లాభం లేదనను. ఆగస్టులో గ్రాఫు కిందకి వంగినప్పుడు మాత్రం నాకు వచ్చిన దిగులు అచ్చం క్వార్టర్ రివ్యూ ముందు వచ్చే దిగులే. తేడా ఏంటంటే దీనికి జీతం ఇవ్వరు, నేనే డబ్బులు కడతాను. నవంబరు నుంచి ఆ ఫైలు తెరవలేదు. శనివారం పొద్దున్న లేవగానే గాలి ఎలా ఉందో చూసే అలవాటు పోవడానికి మూడు వారాలు పట్టింది.

రెండోది శనివారం. సీజన్లో నా శనివారాలు క్లబ్బువి, గురువారం సాయంత్రాలు లీగువి. మా అమ్మాయిని తెలుగు తరగతికి దింపి తెచ్చే పని మా ఆవిడది. ఇప్పుడది నా డ్యూటీ. కారులో వెళ్ళేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు. గుణింతాలు అప్పజెప్పించుకుంటానని వెళ్తే, అది నన్ను వేరేవి అడగడం మొదలుపెట్టింది.

అదే మూడోది. అన్నిటికన్నా అడుగునున్నది.

దానికి పదకొండేళ్ళు. ఒకరోజు వెనక సీట్లోంచి, "నాన్నా, నువ్వు కాల్చేది ప్లేట్సే కదా. మరి మా స్కూల్లో డ్రిల్ ఎందుకు?" అంది. డ్రిల్ అంటే తెలుసుగా. లైట్లార్పేసి, తలుపు తాళం వేసి, పిల్లలంతా మూలకి చేరి చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. 2021 నవంబరు 30న మా రాష్ట్రంలోనే ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో ఒక విద్యార్థి నలుగురు పిల్లల్ని కాల్చి చంపాడు. తుపాకీ తండ్రి కొన్నది. తర్వాత ఆ తల్లిదండ్రులిద్దరికీ కూడా జైలుశిక్ష పడింది. పిల్లలుండే ఇళ్ళల్లో తుపాకీని తాళం వేసిన పెట్టెలోగానీ, ఖాళీ చేసి తాళం బిగించిగానీ ఉంచాల్సిందేనని మిషిగన్‌లో చట్టం 2024 ఫిబ్రవరి 13 నుంచి అమల్లోకి వచ్చింది. మా ఇంట్లో అంతకుముందు నుంచీ అలాగే ఉంది. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండిటికీ వేర్వేరు తాళాలు, నంబర్లు నాకూ మా ఆవిడకీ తప్ప తెలీవు.

ఇదంతా దానికి చెప్పాను. విని, "ఓకే" అంది. కాసేపాగి, "నువ్వు జాగ్రత్తే నాన్నా. కానీ అందరూ నీలా ఉంటారా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. సీజన్ నడుస్తుండగా అయితే ఈ మాట వచ్చేదే కాదు. వచ్చినా "చిన్నపిల్లవి, నీకు తెలీదులే" అనేసి సంచి భుజానేసుకుని వెళ్ళిపోయేవాణ్ణేమో. చేతిలో పని ఉన్నప్పుడు పక్కవాళ్ళ ప్రశ్న మనకి అడ్డంకిలాగే వినిపిస్తుంది. ప్రొడక్షన్‌లో మంటలు లేస్తుండగా కొత్తగా చేరిన కుర్రాడు "అసలు ఈ సర్వీసు మనకెందుకండీ?" అని అడిగితే ఏమంటాం? తర్వాత మాట్లాడదాం అంటాం. ఆ తర్వాత అనేది మన కేలండర్లలో ఎప్పుడూ రాదు. డిసెంబరు కోడ్ ఫ్రీజ్‌లో వస్తే వస్తుంది.

ఈ ఆట మానెయ్యాలా అని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, మాటవరసకి కాదు. మానెయ్యక్కర్లేదనే ఇప్పటికి అనిపిస్తోంది. క్లబ్బులో నేను చూసినంత జాగ్రత్త ఇంకెక్కడా చూడలేదు. తుపాకీ మడత విప్పకుండా లైను దాటి ఒక్క అడుగు వేసినా పదిమంది అరుస్తారు. ఆ క్రమశిక్షణ నాకిష్టం, పగిలిన పిట్ట నల్లటి పొడిగా గాల్లో విచ్చుకోవడం ఇష్టం, ఆ పెద్దాయన చెప్పే పాత ఫ్యాక్టరీ కబుర్లు ఇష్టం. అయితే ఇష్టం ఉంది కాబట్టి ఆడుతున్నానా, అలవాటైపోయింది కాబట్టి ఆడుతున్నానా అన్నది ఆడుతూ ఉన్నంతకాలం తేలదు. ఈ రెండు నెలల్లో స్ప్రెడ్‌షీట్ మీద బెంగ పోయింది. ఆ పొడి విచ్చుకోవడం మాత్రం ఇంకా గుర్తొస్తోంది. దాన్నిబట్టి ఏది పూడికో ఏది నీరో కొంత తెలిసింది.

మనవాళ్ళం విరామం అంటే ఎందుకో భయపడతాం. మానితే వెనకబడతామని. పదిహేనేళ్ళు రోజూ పారుతూనే ఉండి, లేఆఫ్ వచ్చి ఎవరో గేటు దించేస్తేనేగానీ అడుగు చూసుకోని స్నేహితులు నాకున్నారు. వాళ్ళు చూసుకున్నది కూడా భయంలోనే. ఎవరో కట్టేసేలోపు మనమే కట్టుకుంటే, చూడ్డానికి కాస్త తీరిక ఉంటుంది. అది తుపాకీ కావచ్చు, క్రికెట్ లీగు కావచ్చు, మారథాన్ కావచ్చు, స్టాక్ మార్కెట్ యాప్ కావచ్చు. ఎన్నాళ్ళన్నది మీ ఇష్టం. కట్టేముందు చెరువు నింపుకోవడం మర్చిపోకండి, అంతే. నేను పాత మిత్రులకి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను.

మార్చిలో లీగుకి పేర్లిమ్మని అడుగుతారు. ఇచ్చేముందు ఈసారి మా అమ్మాయితో ఒకమాట చెప్తాను. అనుమతి కోసం కాదు. ఇంకేమైనా అడగాలనుకుంటే అడుగుతుందని.