దండెము

గుడ్డ ఆరినదో లేదో నిర్ణయించు అధికారము మనుష్యుని చేతినుండి జారి యంత్రము పాలయిన నాటనుండి నాకు గృహోపకరణములపై గౌరవము సన్నగిల్లినది. అట్లాంటా నగర శివారున మా అబ్బాయి యింట డ్రయరు అను లోహపు పెట్టె యొకటి కలదు. అది తడిబట్టలను కడుపున వేసికొని గిరగిర త్రిప్పి, ఐదారు నిమిషములు గడచునో లేదో కార్యము ముగిసినట్లు కూత వేసి నిలిచిపోవును. తలుపు తెరచి చూచిన తువ్వాళ్ళు పిండినవి పిండినట్లే యుండును. మీట నొక్కిన మరల తిరుగును, మరల నిలుచును. వెలుపల జూలై మాసపు ఎండ పెరటి పచ్చికను మాడ్చివేయుచుండగా, లోపల 240 వోల్టుల విద్యుత్తును త్రాగుచు ఆ పెట్టె ఒక్క తువ్వాలునైన ఆరబెట్టలేకపోవుట చూచినప్పుడు, శాంతస్వభావుడనని పేరుపొందిన నాకే యొడలు మండెను.

"పెరట్లో ఒక తాడు కట్టరాదుట్రా?" అంటిని.

"కాలనీ సంఘంవాళ్ళు ఉత్తరం రాస్తారు నాన్నా. వినకపోతే జరిమానా వేస్తారు" అని మావాడు.

వెలుపల బట్టలు వ్రేలాడిన ఇండ్ల ధరలు పడిపోవునట! పొరుగుననున్న ఫ్లోరిడా రాష్ట్రమువారు 1980లోనే చట్టము చేసి, సౌరశక్తి పరికరముల సరసన దండెమును గూడ పేర్కొని, దానిని నిషేధింపరాదని శాసించిరి. దండెమునకు శాసనసభలో దక్కిన యీ మర్యాదను వినినంతనే, తడిబట్టల మూటను కారులో వేసికొని సరిహద్దు దాటుదమా యని నాకు తోచినది.

పిలువగా వచ్చిన మరమ్మతుదారుడు పెట్టెను రెండుమార్లు తట్టి, థర్మల్ ఫ్యూజు పోయినదనియు, అయినను పాతబడిన యంత్రమునకు వ్యయము చేయుటకంటె క్రొత్తది కొనుట మేలనియు సెలవిచ్చి, వచ్చినందుకు రుసుము పుచ్చుకొని వెడలిపోయెను. ఆ ఫ్యూజు వేడి మితిమీరినపుడు ఒక్కసారి తెగి, మార్చువరకు తిరిగి అతుకని వస్తువు. అది పోయిన డ్రయరునకు మోటారైన తిరుగదు, వేడియైన పుట్టదు. మాదో, మీట నొక్కిన ప్రతిసారియు తిరుగుచునే యుండెను, వేడిగాలి నూదుచునే యుండెను. పొగను చూచి నిప్పు నూహించు నైయాయికుల దేశమున పుట్టిన నాతోనా యీ తర్కము! ఆ రుసుము నాది కాకపోయినను ఆ బాధ నేటికిని నాదే.

మోటారు వేడెక్కి తన్ను తాను నిలుపుకొనుచున్నదా యన్న, అట్టి మోటారు చల్లారుటకు అరగంటయైన పట్టును గదా. మాది తత్క్షణమే లేచుచున్నది. అయినను వెనుక గోడలోనికి పోవు నాలుగంగుళముల గొట్టమును విప్పి చూచితిమి. దానినిండ బట్టలనుండి రాలిన నూగు పిల్లిబొచ్చువలె మెత్తగా, బూడిదవన్నెతో పేరుకొని, నడుమనడుమ మా కోడలి పసుపు చున్నీ పోగులు మెరయుచుండెను. అమెరికాలో ఏటేటా సుమారు 2,900 గృహముల అగ్నిప్రమాదములు డ్రయర్లవలన కలుగుచున్నవనియు, వానికి ముఖ్యకారణము శుభ్రము చేయకుండుటయే యనియు అక్కడి అగ్నిమాపక శాఖవారి లెక్క. నూగు తీసివేసిన పిదప గాలి జోరుగా వీచెను గాని నిలిచిపోవు గుణము మాత్రము పోలేదు.

రహస్యము మా కోడలు కనిపెట్టినది. "మామయ్యగారూ, ఆటోమేటిక్ వద్దు, టైము పెట్టి చూద్దాం" అని నలుబది నిమిషములకు త్రిప్పగా యంత్రము కిమ్మనక కడదాక తిరిగినది. అనగా మోటారు, తలుపు స్విచ్చి నిర్దోషులు; దోషి సెన్సారు. పెట్టె లోపల రెండు సన్నని లోహపు బద్దలు కలవు. తడిగుడ్డ ఆ రెంటిని ఒరసికొనినపుడు వానినడుమ స్వల్పముగ విద్యుత్తు ప్రవహించును. ప్రవాహము తగ్గిన గుడ్డ ఆరినట్లు లెక్క. పరిమళమునకై బట్టలతో వేయు కాగితముల జిడ్డు ఆ బద్దలపై కంటికానని పొరగా పట్టి, నీరోడుచున్న తువ్వాలును గూడ ఆరినదిగా ధ్రువీకరించుచున్నది. దూదితో స్పిరిటు రాచి తుడువగా వ్యాధి కుదిరినది.

తాకి తెలిసికొనుట యంత్రము నేర్చిన విద్య. మా అమ్మ విద్య వేరు. వెనుక వసారాలో ఎవరి చేతికిని అందనియెత్తున వెదురు దండెము కట్టి, స్నానము చేసి తడిపి పిండిన మడిచీరను పొడుగుకర్ర కొసతో దానిపైకెత్తి, ముడుతలు కూడ ఆ కర్రతోడనే సవరించెడిది. భోజనమైన పిదప ఆ చీరను తానైనను తాకరాదు. మడి యెందరినో గడప వెలుపల నిలిపిన ఆచారము, నేను దానిని సమర్థింపను. కాని ఆమె చూపును మెచ్చక యుండలేను. పైనుండి క్రిందికి రంగు తేలికపడుచు వచ్చి, బరువున నిటారుగా దిగియున్న అంచు చిన్నగాలికే కదలి చప్పుడు చేసినప్పుడు, వంటయింటినుండియే "ఆరిందే" అనెడిది.

ఒకనాడు ఆ చీరపై కాకి వాలెను. మడి పోయినదని మా మేనత్త, గాలికి పక్షికి మైల లేదని మా అమ్మ. పురోహితుని అడుగగా, పట్టుచీరయైన దోషము లేదనియు, నూలుచీరయైన మరల తడుపుట మంచిదనియు ఇరువురికిని నచ్చని తీర్పు చెప్పెను. అదిమొదలు మా మేనత్త మధ్యాహ్నమెల్ల మడికర్ర చేతబట్టి కాకులను తోలుచు వసారాలో కూర్చుండెడిది. ఆమె పట్టిన కర్రకు ఇక మడి కలదా లేదా యని రెండవ వివాదము పుట్టి, సంక్రాంతి దాక సాగినది.